గొంతు శిబిరానికి ప్రార్థనా గీతం

మా విశ్వవిద్యాలయంలో మొన్న నిర్వహించిన గొంతు, మెడ వ్యాధుల ఉచిత పరీక్షా శిబిరం దిగ్విజయంగా ముగిసిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. వేదిక మీద పెద్దలందరికీ కుర్చీలు సరిపోయాయి. మైకు ఒక్కసారి కూడా కీచుమనలేదు. భోజనాల్లో పెరుగు చివరి పంక్తి దాకా అందింది. రోగులను పరీక్షించడం ఒక్కటే వీలుపడలేదు. ఇంత పెద్ద కార్యక్రమంలో ఏదో ఒక చిన్న లోటు ఉండనే ఉంటుంది.

అసలు శిబిరం ఎందుకు పెట్టవలసి వచ్చిందో తెలియాలంటే ముందుగా భూమిక సంగతి చెప్పాలి. ఆ అమ్మాయి మా చరిత్ర శాఖలో పరిశోధన చేస్తోంది. సిద్దిపేట దగ్గర పల్లె, తల్లిదండ్రులు పత్తి పండిస్తారు. వచ్చిన కొత్తలో ఒక సభలో ప్రార్థన పాడింది. చాలా బాగా పాడింది. అదే ఆమె చేసిన పొరపాటు. మా క్యాంపస్‌లో ప్రార్థన లేకుండా సభ మొదలు కాదు, సభ లేకుండా రోజు గడవదు. ఆనాటి నుంచి భౌతికశాస్త్ర సదస్సుకూ భూమికే పాడింది, అటెండర్ల పదవీ విరమణకూ భూమికే పాడింది, హాస్టల్లో మంచినీళ్ల యంత్రం బిగించిన రోజునా భూమికే పాడింది. సభలు ఎక్కువగా ఉండే మార్చి నెలలో ఆమె గొంతు కోసం శాఖల మధ్య మాటామాటా వచ్చిన సందర్భాలు కూడా ఉన్నాయి.

ఇలా ఉండగా రేడియోలో లలిత సంగీతం పాడేందుకు స్వర పరీక్షకు రమ్మని ఆమెకు పిలుపు వచ్చింది. చిన్నప్పటి నుంచి ఆమె కోరుకున్నది అదొక్కటే. అమ్మకు చెప్పింది. అమ్మ ఊరందరికీ చెప్పింది. సరిగ్గా అప్పుడే గొంతు జీరపోయింది. వారమైనా తగ్గలేదు, నెలయినా తగ్గలేదు.

మన దగ్గర వైద్యం చదవనివారికే వైద్యం బాగా వచ్చన్నది పాఠకులకు తెలియనిది కాదు. ఆమె గైడు గారు దూరం నుంచే చూసి థైరాయిడ్ అని నిర్ధారించారు, ఎందుకంటే వారి శ్రీమతికి అదే. మెస్సులో మిరియాల పాలు పట్టించారు. తార్నాక మందుల షాపులో గొంతు అన్న మాట పూర్తి కాకముందే ఒక మాత్రల పట్టీ చేతిలో పెట్టారు. హాస్టల్ వార్డెన్ సుజాత గారు మాత్రం ఇవన్నీ కాదని, ఇన్ని సభల్లో ఇందరి కళ్లు పడ్డ పిల్లకు దిష్టి తగలక ఏమవుతుందని ఎండుమిర్చి తిప్పి నిప్పుల్లో వేశారు. ఆ పొగకు భూమిక రాత్రంతా దగ్గింది. దగ్గు వచ్చిందంటే దిష్టి పోతున్నట్టే లెక్క అన్నారు వార్డెన్ గారు.

చివరికి ఆ అమ్మాయి విద్యార్థి సంక్షేమ డీన్ కమలాకర్ గారి దగ్గరికి వెళ్లింది. కమలాకర్ గారికి మెడ నొప్పి. ఎప్పుడూ మెడకు పట్టీ బిగించుకొని ఉంటారు. పూలదండ వేసేటప్పుడు మాత్రం తీస్తారు.

"సార్, తార్నాకల గొంతు డాక్టర్ ఉన్నదంట. సాయంత్రం సభకు రాను, పొయ్యి చూపించుకొస్తా" అంది భూమిక.

"గంత దూరం ఎందుకు బిడ్డా? డాక్టర్‌నే ఈడికి పిలిపిస్తం. క్యాంపు పెడదం. మన పిల్లలు బయటికి పొయ్యి చూపించుకుంటే యూనివర్సిటీకి ఇజ్జత్ ఉంటదా?" అన్నారు డీన్ గారు.

హాస్టల్ గేటు దాటి మెట్రో స్తంభాల కింద నడిస్తే టీ చల్లారేలోపు చేరే దూరం అది. అయినా పెద్దమనిషి మాట కాదనలేక భూమిక ఆగింది. శిబిరం ప్రకటించారు, కమిటీ వేశారు. ఆ కమిటీలో నేనూ ఉన్నాను. ముఖ్య అతిథిగా మాజీ ఉపకులపతి రాజలింగం గారిని అనుకున్నాం. వారికి తీరిక దొరకక శిబిరం మూడు వారాలు వాయిదా పడింది. ముఖ్య అతిథి లేకుండా శిబిరం అంటే పెళ్లికొడుకు లేని పెళ్లే కదా. ఈలోగా జరిగిన సభలన్నింటిలోనూ ప్రార్థన మామూలుగానే భూమిక పాడింది.

శిబిరం రోజున తార్నాక నుంచి డాక్టర్ జ్యోతిర్మయి గారు చెప్పిన వేళకు వచ్చేశారు. ఇది మేము ఊహించని పరిణామం. ఆమె తన పరికరాలన్నీ వేదిక పక్కన సర్దుకొని రోగిని కూర్చోబెట్టబోతే కుర్చీ ఖాళీ లేదు. దాని రెండు చేతులకూ అడ్డంగా ఎర్ర రిబ్బన్ కట్టి ఉంది. ప్రారంభించేది ఏమిటో ఫొటోలో స్పష్టంగా కనిపించాలని కమిటీ చేసిన ఏర్పాటు అది.

"ముందు ఆ అమ్మాయిని చూస్తానండి. ఐదు నిమిషాల పని" అన్నారు డాక్టరు గారు, భూమిక గొంతు విని.

"ఇనాగ్రేషన్ గాకుండ ఎట్ల మేడం? రిబ్బనే తెగలే" అన్నారు డీన్ గారు. "సార్ హబ్సిగూడల ట్రాఫిక్‌ల ఉన్నరు. అచ్చినట్టే."

రాజలింగం గారు హబ్సిగూడలో ఉన్నారంటే ఇంకా స్నానం చేస్తున్నారని మా క్యాంపస్‌లో అందరికీ తెలుసు. ఆ సమయంలో రోగులను ఖాళీగా ఉంచడం దేనికని ముందు వరుసల్లో కూర్చోబెట్టాం. ఫోన్లు చూసి చూసి మెడలు పట్టేసిన కుర్రాళ్లూ, గొంతు దగ్గర గడ్డ లేచిన ఒక విశ్రాంత గుమస్తా గారూ సభకు నిండుదనం తెచ్చారు. వారికి చప్పట్లు ఎప్పుడు కొట్టాలో కూడా చెప్పాం.

మధ్యాహ్నం కావస్తుండగా ముఖ్య అతిథి వచ్చారు. వెంటనే ప్రార్థనకు భూమికను పిలిచారు. డాక్టరు గారు లేచి నిలబడ్డారు.

"ఆ అమ్మాయి పాడొద్దు. గొంతుకు రెస్ట్ కావాలి."

"మాకు తెల్వదా మేడం? గందుకే ఒక్క చరణం చాలన్నం. మామూలుగైతే మూడు పాడతది."

"ఫోన్‌లో ఏదైనా పాట పెట్టండి మరి."

"ఫోన్ల పాటకు దేవుడు పలుకుతడా మేడం?" అన్నారు డీన్ గారు. ఆ ప్రశ్నకు వైద్యశాస్త్రంలో సమాధానం లేదు.

భూమిక డాక్టరు గారి వంక చూసింది, డీన్ గారి వంక చూసింది. సభంతా ఆగి ఉంది. పాడింది. రెండో పంక్తిలో పైకి వెళ్లబోయిన గొంతు అక్కడే పుటుక్కున ఆగిపోయింది. ఆమె చేత్తో మెడ పట్టుకొని, మిగిలిన పంక్తిని గాలితోనే ముగించింది. మేము చప్పట్లు కొట్టాం.

"సభకు నమస్కారం" అని లేచారు రాజలింగం గారు. "ఆ చిన్నారి గొంతులోని ఆర్ద్రత నన్ను కదిలించింది. పాటను అలా మధ్యలో విడిచిపెట్టడం మహా కళ. ఇక గొంతు అంటే ఏమిటి? మెడ అంటే ఏమిటి? ఈ రెండింటికీ గల అవినాభావ సంబంధం గురించి రెండు ముక్కలు చెప్పి విరమిస్తాను."

మొదటి ముక్క పూర్తయ్యేసరికి వంటశాల నుంచి బగారా అన్నం వాసన వచ్చింది. రెండో ముక్కలో ఆయన, గొంతు జబ్బులన్నిటికీ అతిగా మాట్లాడటమే కారణమని, మితభాషణమే మందని సోదాహరణంగా వివరించారు. తర్వాత సన్మానాలు. డీన్ గారు మెడపట్టీ తీశారు, దండ వేయించుకున్నారు, పట్టీ పెట్టుకున్నారు. ఒకరి ఫోన్లో ఫొటో సరిగా రాలేదంటే మళ్లీ తీశారు. డాక్టరు గారికి వేసిన గజమాల బరువుకు ఆమె మెడ కూడా ఒక పక్కకు వాలింది.

ఎట్టకేలకు రిబ్బన్ తెగింది. తొలి రోగిగా రాజలింగం గారే కుర్చీలో కూర్చొని ఫొటో కోసం నోరు తెరిచారు. ఆపైన భోజనాలు. అప్పటికి డాక్టరు గారు ఆపరేషన్ చేయవలసిన వేళ దగ్గరపడింది. ఆమె పెట్టె సర్దుకొని, భూమిక చెయ్యి పట్టుకొని తన కారెక్కించుకున్నారు. డాక్టరు గారికి ఇచ్చిన శాలువాలూ, జ్ఞాపికా చేరవేసే బాధ్యత కమిటీ నాకు అప్పగించింది కనుక నేనూ వెనక సీట్లో ఎక్కాను.

తార్నాక క్లినిక్‌లో సన్నని గొట్టంతో లోపల చూశారు. ఎదురుగా చిన్న తెరమీద భూమిక గొంతు కనిపించింది. స్వరతంతువు మీద ఒక పక్క ఎర్రగా రక్తం కమ్మి ఉంది.

"మూడు వారాల కింద వచ్చుంటే రెస్ట్ ఇచ్చి, గొంతు ఎట్లా వాడాలో నేర్పిస్తే సరిపోయేదమ్మా" అన్నారు డాక్టరు గారు. "ఇవాళ పాడినప్పుడు లోపల చిట్లింది. ఇక నేను చెప్పేదాకా ఒక్క మాట మాట్లాడొద్దు. గుసగుస కూడా వద్దు. పాత గొంతు మళ్లీ వస్తదో రాదో ఇప్పుడే చెప్పలేను."

స్వర పరీక్ష ఆ వారంలోనే. భూమిక ఏడవలేదు. ఏడిస్తే గొంతుకు మంచిది కాదేమోనని భయపడినట్టుంది. అంతలో ఆమె ఫోన్ మోగింది. తెరమీద 'అమ్మ' అని ఉంది. ఆమె దాన్ని చేతిలో పట్టుకొని ఆగేదాకా చూసింది. శాలువాల మూట ఒళ్లో పెట్టుకొని కూర్చున్న నాకు చాలా బాధేసింది.

శిబిరం సాధించిన విజయాన్ని పురస్కరించుకొని తరువాతి వారమే విజయోత్సవ సభ తలపెట్టాం. ప్రార్థనకు ఒప్పించడానికి డీన్ గారు స్వయంగా హాస్టల్‌కు వెళ్లారు. డాక్టరు గారు చెప్పింది నేను ఆయనకు ముందే చెప్పాను.

"యాదికున్నది. గందుకే ఈసారి పల్లవి చాలంటున్న" అన్నారు ఆయన. "ఏమంటవు బిడ్డా?"

భూమిక ఏమీ అనలేదు. మౌనం అర్ధాంగీకారం అన్నారు పెద్దలు. మిగతా సగం డీన్ గారు తామే కలుపుకొని ఆహ్వాన పత్రికలో పేరు వేయించారు.

సభ రోజున పేరు పిలవగానే భూమిక నిజంగానే వచ్చింది. మైకు ముందు నిలబడి మావైపు చూసింది. పెదవి కదపలేదు. అలాగే నిలబడింది. మాకు ఏం చేయాలో తోచలేదు. ముందు వరుసలో రాజలింగం గారు మెల్లగా లేచి తల వంచారు. ఆయన్ని చూసి డీన్ గారు మెడపట్టీ తీసి తల వంచారు. హాలంతా లేచి నిలబడింది. ఇలాంటి విషయాల్లో మా క్రమశిక్షణకు వంక పెట్టలేరు. చివరికి ఎవరో "ఓం శాంతి" అన్నారు, అందరం కూర్చున్నాం. భూమిక వేదిక దిగి, ఎవరినీ చూడకుండా గేటు వైపు నడిచింది.

ఎవరు పోయారని ఇప్పటివరకు ఎవరూ అడగలేదు. భోజనాల దగ్గర మాత్రం వచ్చేవారం సభకు ప్రార్థన ఎవరు పాడతారని అడిగారు. మీ ఇంట్లో గానీ, మీ వీధిలో గానీ మంచి గొంతున్న పిల్ల ఉంటే దయచేసి తెలియజేయగలరు. ఒక్క చరణం చాలు.