రికార్డులో ఉన్న చేతులు

"పుట్టిన దేశం ఒక్కటే, అర్హత గల దేశాలు అనేకం!"

ఈ మహావాక్యం ఏ ఋషీ చెప్పలేదు. వీసా కన్సల్టెంటు గదిలో, ఫ్యాను గాలికి ఊగే క్యాలెండరు పక్కన బంగారు అక్షరాలతో అతికించి ఉంది. దాని కింద కూర్చున్న కోఆర్డినేషన్ ఆఫీసరు గారు మూడుసార్లు చదివి మూడుసార్లూ పులకించారు. ఆయనకి నలభై ఐదు నిండడానికి ఇంకా నాలుగు నెలలున్నాయి. నిండాయంటే ఆయన వెళ్లదలచిన దూరదేశం వాళ్లు ఇక తలుపు తియ్యరట. నలభై నాలుగేళ్ల పదకొండు నెలలవాడు వాళ్ల దేశాభివృద్ధికి అత్యవసరం. మరో నెల గడిస్తే అదే మనిషి దేశానికి భారం!

"మీ ఉద్యోగం ఏంటో చెప్పండి సార్. వాళ్లకి కావాల్సిన పనుల లిస్టులో ఉందేమో చూద్దాం," అన్నాడు కన్సల్టెంటు.

"కోఆర్డినేషన్ ఆఫీసర్."

"అంటే ఏం చేస్తారు?"

"కోఆర్డినేట్ చేస్తాను."

"దేన్ని సార్?"

ఆఫీసరు గారు ఇరకాటంలో పడ్డారు. పందొమ్మిదేళ్ల సర్వీసులో ఈ ప్రశ్న వేసినవాడు లేడు.

కన్సల్టెంటు లిస్టు పైనుంచి కిందిదాకా జరిపాడు. "ఇటుకలు పేర్చేవాళ్లున్నారు, గొర్రెల బొచ్చు కత్తిరించేవాళ్లున్నారు, పళ్ల డాక్టర్లున్నారు. కోఆర్డినేషన్ మాత్రం లేదు సార్. అది లేకుండానే వాళ్ల దేశం నడుస్తున్నట్టుంది. చేత్తో చేసే పనేదైనా వచ్చా?"

ఆఫీసరు గారు తలుపు వైపు చూసి, గొంతు బాగా తగ్గించారు. "తాళాలు తియ్యడం వచ్చు."

"తాళాల మెకానిక్! ఉంది సార్! తీవ్రమైన కొరత అని ఎర్రరంగులో పెట్టారు!"

"కాస్త మెల్లగా!" అన్నారు ఆఫీసరు గారు, చెమట తుడుచుకుంటూ.

విషయమేమిటంటే, ఆఫీసరు గారి నాన్నకి వీధి మలుపులో తాళంచెవులు చేసే కొట్టు ఉండేది. ఆఫీసరు గారు అక్షరాల కన్నా ముందు ఆకురాయి పట్టుకున్నారు. కుర్చీ ఉద్యోగం రాగానే ఆ కొట్టు మూయించి, అత్తవారికి "నాన్నగారిది భద్రతా పరికరాల వ్యాపారం" అని చెప్పుకున్నారు. కానీ చేతులకి వచ్చిన విద్య కుర్చీ ఎక్కినంత మాత్రాన పోతుందా? పైగా అది మామూలు ఆఫీసు కాదు. భద్రతా కారణాల దృష్ట్యా, ప్రతి బీరువా మారు తాళంచెవిని అదే బీరువాలో భద్రపరచవలెనని అక్కడ ఒక సర్క్యులర్ ఉంది. అసలు తాళంచెవి పోయినప్పుడల్లా రెండోది లోపలే క్షేమంగా ఉండేది!

అప్పుడు ఎవరో ఒకరు నంగినంగిగా వచ్చేవారు. "సార్, మా సెక్షన్లో కాస్త కోఆర్డినేట్ చెయ్యాలి."

ఆఫీసరు గారు గదిలోంచి అందర్నీ పంపేసి, గడియ పెట్టి, జేబులోంచి సన్నతీగ తీసి, తాళానికి చెవి ఆనించేవారు. రెండు నిమిషాలు. లోపల పిన్ను లేచి టిక్కుమనగానే ఆయన ఒళ్లంతా తేలికయ్యేది. ఎన్ని ఫైళ్లు కదిపినా ఆయనకి అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. బయటికొచ్చేటప్పుడు మాత్రం చేతులు తుడుచుకుని, మొహం గంభీరంగా పెట్టేవారు. రిజిస్టరులో 'బీరువా దానంతటదే తెరుచుకున్నది' అని రాసుకునేవారు.

ఇంటికెళ్లి భార్యకి లిస్టు సంగతి చెప్పారు.

"అంతదూరం పోయి తాళాలు తీస్తారా?" అందావిడ.

"వ్యాను మీద పేరు రాయించుకుని మరీ తీస్తాను! పట్టపగలు, నడివీధిలో!"

"ఆ కొట్టేదో ఇక్కడే తెరిస్తే పోలా?"

"ఇక్కడా! మీ అన్నయ్య చూస్తే పరువేం కావాలి?"

"అక్కడ పరువక్కర్లేదా?"

"అక్కడ మనం ఎవరికి తెలుసే? తెలిసినవాళ్లుంటే కదా పరువు!"

"ఒక పని సిగ్గులేకుండా చేసుకోడానికి విమానం ఎక్కే మనిషిని మిమ్మల్నే చూశానండీ," అని ఆవిడ లోపలికి వెళ్లిపోయింది.

ఆఫీసరు గారు ఇంగ్లీషు పరీక్ష గట్టెక్కారు. ఇక రెండే మిగిలాయి. అయిదేళ్లు తాళాల పని చేసినట్టు యజమాని ఇచ్చే ఉత్తరం ఒకటి, వీడియోలో ప్రాక్టికల్ పరీక్ష ఒకటి. తాను తెరిచిన రెండొందల పన్నెండు బీరువాల జాబితా తేదీలతో సహా రాసుకుని డైరెక్టరు గదికి వెళ్లారు. డైరెక్టరు ఆయన కన్నా ఆరేళ్లు చిన్న, హోదాలో ఆరు మెట్లు పెద్ద.

డైరెక్టరు జాబితా చదివి అదిరిపడ్డాడు. "దీని మీద సంతకం పెడితే మన బీరువాలు తీగముక్కతో తెరుచుకుంటాయని నేనే ఒప్పుకున్నట్టు కాదూ! ఇది కాన్ఫిడెన్షియల్!" అని దాన్ని సొరుగులో పెట్టి తాళం వేశాడు.

వారం తిరక్కుండా మళ్లీ కబురొచ్చింది. ఈసారి డైరెక్టరే లేచి తలుపు మూశాడు.

"కూర్చోండి. మీ కాగితాలు తీరిగ్గా చదివాను. మంచి అవకాశమండీ ఇది! డైరెక్టరు ఉద్యోగం కూడా ఆ లిస్టులో లేదట, తెలుసా? అందుకని తాళాల మెకానిక్‌గా నేను అప్లై చేశాను. ఉత్తరం నాకు నేనే ఇచ్చుకున్నాను. రేపే వీడియో పరీక్ష."

"మరి నా ఉత్తరం సార్?"

"పరీక్ష అయిన మరుక్షణం సంతకం పెడతాను. మీ చేతులు ఒక్క అరగంట అప్పివ్వండి చాలు."

ఆఫీసరు గారు వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకున్నారు. ఉత్తరం లేకపోతే ప్రయాణం ఎలాగూ లేదు. సరేనన్నారు.

మర్నాడు డైరెక్టరు చేతులు వెనక్కి కట్టుకుని నిటారుగా కూర్చున్నాడు. టేబుల్ కింద మోకాళ్ల మీద ఉన్న ఆఫీసరు గారు, డైరెక్టరు రెండో కోటు తొడుక్కుని, చేతులు మాత్రం పైకి పెట్టారు. తెర మీద పరీక్షాధికారి చూస్తుండగా డైరెక్టరు మొహం ఉపన్యాసమిస్తోంది, ఆఫీసరు గారి చేతులు పనిచేస్తున్నాయి. ఆఫీసులో రోజూ జరిగేది కూడా అదే కాబట్టి ఎవరికీ కొత్తగా అనిపించలేదు.

"తాళంతో మనం ఒక అవగాహనకి రావాలి. బలప్రయోగం నా విధానం కాదు," అంటున్నాడు డైరెక్టరు.

టిక్! టిక్! టిక్! మూడు తాళాలూ ఊడి వచ్చాయి.

"అద్భుతమైన చేతులు! రికార్డు కోసం రెండువైపులా చూపించండి," అన్నాడు పరీక్షాధికారి. చేతులు బోర్లా తిరిగాయి, వెల్లకిలా తిరిగాయి. ఫోటోలు పడ్డాయి. నూటికి తొంభై ఎనిమిది మార్కులు!

డైరెక్టరు మాట తప్పలేదు. ఉత్తరం మీద సంతకం గీకి పారేశాడు. మూడు వారాలకి ఆఫీసరు గారి పరీక్ష వచ్చింది. ఇంట్లో, కిటికీ వెలుతురులో, తన చొక్కా తానే వేసుకుని, తన మొహం కింద తన చేతులు పెట్టుకుని కూర్చున్నారు. మొదటి తాళం నలభై సెకన్లలో తీశారు.

పరీక్షాధికారి తెరకి దగ్గరగా వంగాడు. "చేతులు రెండువైపులా చూపించండి," అన్నాడు.

చూపించారు.

"ఈ చేతులు మా దగ్గర ఇప్పటికే మరొకరి పేరున నమోదై ఉన్నాయి. గీతలు, గోళ్లు, బొటనవేలి మీద కాయ, అన్నీ సరిపోయాయి. ఇతరుల చేతులు వాడటం నేరమని మీకు తెలుసా?"

"అయ్యా, ఇవి నావేనండీ! పుట్టినప్పట్నుంచీ నా దగ్గరే ఉన్నాయి!"

"ఆధారపత్రం ఉందా? నమోదు చేసుకున్న వ్యక్తి వీటి మీద హక్కు వదులుకున్నట్టు రాసివ్వాలి."

ఆఫీసరు గారు పరుగున వెళ్లి డైరెక్టరు ముందు నిలబడ్డారు. డైరెక్టరు ఎంతో బాధగా తల అడ్డంగా ఊపాడు.

"ఇవి మీ చేతులని నేను రాసిస్తే, ఆ రోజు నావేమయ్యాయని అడగరూ? అనుభవం గలవారు, మీరే అర్థం చేసుకోవాలి."

దరఖాస్తు తిరస్కరించారు. ఆ వారంలోనే ఆఫీసరు గారికి నలభై ఐదు నిండాయి. అరచేతుల్లోకి చూసుకుంటూ కూర్చుని, దాచుకోకుండా ఏడ్చారు. వ్యాను మీద రాయించుకోవాలనుకున్నది తన పేరు కాదు, తండ్రి పేరు. ఆ మాట అప్పటిదాకా భార్యకి కూడా చెప్పలేదు. ఆవిడ పక్కన కూర్చుని ఆ రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది.

"ఇవెవరివో నాకు తెలుసు. నన్నడిగితే నేను రాసిచ్చేదాన్ని," అంది.

కొన్ని నెలలకి డైరెక్టరుకి ఆ దేశంలో శాశ్వత నివాసానికి వీసా వచ్చింది. ఆఫీసు హాల్లో వీడ్కోలు సభ పెట్టారు. పూలదండ మెడ దాటి చెవులదాకా వచ్చింది.

"మేధస్సుకి సరిహద్దుల్లేవు! అంతర్జాతీయ ప్రవేశ భద్రతా నిపుణుడిగా నన్ను ఎంపిక చేశారంటే, అది మీ అందరికీ దక్కిన గౌరవం!" అన్నాడు డైరెక్టరు. చప్పట్లు మోగాయి. తాళాల మాట ఎవరూ ఎత్తలేదు.

సిబ్బంది తరఫున కొత్త సూట్‌కేసు బహూకరించారు. ఫోటో కోసం డైరెక్టరు అందులో పాస్‌పోర్టు, టికెట్టు పెట్టి, మూత వేసి, తాళంచెవి ఠీవిగా తిప్పాడు. ఆ ఠీవి కాస్త ఎక్కువైంది. తాళంచెవి రెండు ముక్కలై, సగం లోపలే ఉండిపోయింది. బయట టాక్సీ హారన్ కొడుతోంది. విమానానికి రెండున్నర గంటలుంది.

హాల్లో నలభై తలలు ఒక్కసారిగా కోఆర్డినేషన్ ఆఫీసరు గారి వైపు తిరిగాయి.

"సార్, కాస్త కోఆర్డినేట్..." అని ఎవరో గొణిగారు. అలవాటుగా ఇద్దరు ముగ్గురు బయటికి వెళ్లిపోవడానికి లేచారు.

"ఎవరూ వెళ్లొద్దు, కూర్చోండి," అన్నారు ఆఫీసరు గారు. జేబులోంచి తీగ తీసి అందరికీ కనబడేలా పట్టుకున్నారు. "మా నాన్న తాళాలు బాగుచేసేవాడు. నాకూ ఆయనే నేర్పాడు. ఈ ఆఫీసులో బీరువాలన్నీ తెరిచింది నేనే. రేపట్నుంచి మలుపులో ఆయన కొట్టు మళ్లీ తెరుస్తున్నాను. పని పడితే అక్కడికి రండి."

"తర్వాత మాట్లాడుకోవచ్చండీ, ముందిది తియ్యండి!" అని డైరెక్టరు దండ కిందినుంచి కేకేశాడు.

"తీద్దును సార్. కానీ రికార్డు ప్రకారం ఈ చేతులు మీవి. వీటిని నేను వాడితే నేరమట."

ఆఫీసరు గారు తీగని డైరెక్టరు అరచేతిలో పెట్టి, వెళ్లి తన కుర్చీలో కూర్చున్నారు. నూటికి తొంభై ఎనిమిది మార్కులు తెచ్చుకున్న నిపుణుడు ఆ తీగని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. చివరికి నలభై మంది ఎదుటా అడిగాడు.

"దీన్ని... ఏ చివర లోపల పెట్టాలండీ?"