బాగుచేయించిన కంప్యూటర్

ఆ ఆదివారం పొద్దున ఓడొన్ పెట్టుకున్న పని చిన్నదే. పాడైన కంప్యూటర్ పెట్టెను చక్రాల కూరగాయల సంచిలో వేసుకుని, మరమ్మతులు చేసే స్నేహితుడు విల్మోష్ దగ్గరికి వెళ్లాలి. బాగుచేయించుకుని సాయంత్రం ఏడింటికల్లా ఇల్లు చేరాలి. ఏడింటికి సెగెద్ ఊళ్లో ఎటెల్కా తన కంప్యూటర్ ముందు కూర్చుంటుంది. ఇద్దరూ చదరంగం ఆడతారు. ఆమెను అతను చూడలేదు. ఫోన్ నంబరు కూడా లేదు. ఆట ముగిశాక ఆమె "శుభరాత్రి" అని రాస్తుంది. ఆరేళ్ల కిందట భార్య పిరోష్కా పోయాక అతనికి ఆ మాట చెప్పే మనిషి ఇంకొకరు లేరు.

విల్మోష్ సాయంత్రానికి పెట్టె మూత బిగించాడు. "ఇంకో పదేళ్లు ఢోకా లేదోయ్. ఇంటర్నెట్ మీద పన్ను వేస్తారట, విన్నావా? ఇక నీ గుర్రం కదిలితే పన్ను, ఏనుగు కదిలితే పన్ను!"

"వేస్తే వెయ్యనీ. రొట్టె మీద కట్టడం లేదూ? ఇదీ కడతాను," అన్నాడు ఓడొన్.

బయట ట్రాములు ఆగిపోయి ఉన్నాయి. బుడాపెస్ట్ జనమంతా ఆ వీధిలోనే ఉన్నట్టుంది. చాలామంది చేతుల్లో పాత కీబోర్డులు, పగిలిన తెరలు ఉన్నాయి. ఇంతమందివి ఒకేసారి ఎలా పాడయ్యాయా అనుకుంటూ ఓడొన్ వాళ్లతోపాటే నడిచాడు.

"తాతగారూ, మీరూ తెచ్చారా! ఇటివ్వండి, నేను లాగుతా. నా పేరు డోర్కా," అంటూ ఒక అమ్మాయి సంచి పిడి అందుకుంది.

అతని చేతి బరువు ఇంకొకరు అందుకుని చాలాకాలమైంది. ఇచ్చేశాడు. "జాగ్రత్తమ్మా, పనిచేస్తోంది."

డోర్కా వెనక్కి తిరిగింది. "ఒరేయ్, తాతగారు పనిచేసేదే తెచ్చారంట్రా!" చప్పట్లు మోగాయి.

"అది కాదమ్మా, ఇప్పుడే బాగుచేయించాను."

"బాగుచేయించి మరీ తెచ్చారంట!" ఈసారి ఈలలు.

పాలక పార్టీ ఆఫీసు ముందుకు వచ్చాక గానీ సంగతి అర్థం కాలేదు. పన్ను మీద కోపంతో జనం తెచ్చినవన్నీ కంచె మీదుగా లోపలికి విసురుతున్నారు.

"అమ్మాయ్, నాది నాకిచ్చెయ్!"

"జరగండి, జరగండి! తన చేత్తోనే వేస్తారంట! మీ పేరేంటి తాతగారూ?"

చెప్పాడు. చెప్పకుండా ఉండాల్సింది.

"ఓడొన్! ఓడొన్!" వీధి వీధంతా అందుకుంది. డోర్కా సంచిలోంచి తీసి ఇచ్చిన పెట్టె అతని చేతుల్లో ఉంది. వెనక్కి తిరిగితే దారిచ్చేవాళ్లే. కానీ ఆ పేరును గొంతెత్తి పిలవగా విని ఆరేళ్లయింది. ఓడొన్ పెట్టెను తలమీదికి ఎత్తి విసిరాడు.

ముక్కూమొహం తెలియనివాళ్లు అతన్ని కౌగిలించుకున్నారు. "తాతగారంటే మీరండీ!" అంది డోర్కా. కాసేపటికి, "మరి వస్తాం," అని ఆమె కూడా వెళ్లిపోయింది. ట్రాములు నడవలేదు. ఖాళీ సంచి చక్రాలు రాళ్ల మీద దారిపొడవునా చప్పుడు చేశాయి.

ఇంట్లో బల్ల మీద తెర ఒక్కటే మిగిలింది. ఓడొన్ దాని ముందు కాసేపు కూర్చున్నాడు. "శుభరాత్రి," అని తనే పైకి అని లేచాడు.

ప్రజల ఆగ్రహం చూసి ప్రభుత్వం ఇంటర్నెట్ పన్ను మానుకుందని శుక్రవారం రేడియో చెప్పింది. ఓడొన్‌కు అది ఆదివారమే రద్దయింది.