సదరు సంభాషణ కనిపిస్తూనే ఉండవలెను

"ఇకపై మన విభాగంలో ఏ సంభాషణా కనుమరుగు కాబోదు!"

కొల్లేరు గ్రామాల తాగునీటి ప్రత్యేక విభాగానికి ప్రత్యేకాధికారి మల్లికార్జునరావుగారు. ఏలూరు ఆఫీసు మీటింగు హాల్లో ఆయన ఈ మాట ప్రకటించగానే చప్పట్లు మోగాయి. మొదట ఎవరు కొట్టారో తెలియదు గాని, ఆపితే ఎవరు ఆపారో తెలిసిపోతుందని చాలాసేపు ఎవరూ ఆపలేదు.

వెనక వరసలో గోగులంక పంచాయతీ సెక్రటరీ కృపమ్మ అందరికన్నా మనస్ఫూర్తిగా కొట్టింది. ఆవిడకి కారణం ఉంది. గోగులంకలో మంచినీళ్ళ ట్యాంకుకి నీళ్ళెక్కించే మోటారు కాలిపోయి నెల దాటింది. ఊరి చుట్టూ చేపల చెరువులు, కనుచూపు మేరా నీళ్ళే. నోట్లో పోసుకోవడానికి మాత్రం చుక్క లేదు. కొత్త మోటారుకి మల్లికార్జునరావుగారి సంతకం ఒక్కటి చాలు. ఆ సంగతి కృపమ్మ ఆఫీసువాళ్ళందరూ వాడే 'పలకరింపు' యాప్‌లో నేరుగా ఆయనకే రాసింది. జవాబు లేదు. ఆ యాప్‌కో అలవాటుంది. ఏ ఇద్దరి మధ్యనైనా ఏడు రోజులు మాటల్లేకపోతే, ఆ ఇద్దరి సంభాషణనీ ఎడమపక్క వరసలోంచి దాచేస్తుంది. కృపమ్మ మోటారు అలా నాలుగుసార్లు మునిగింది. నాలుగుసార్లూ ఆవిడే మళ్ళీ రాసి తేల్చింది.

ఈ మహత్తర నిర్ణయం ఊరికే పుట్టలేదు. మొన్న తాడేపల్లిగూడెం సమీక్షలో మంత్రిగారు చనువుగా మల్లికార్జునరావుగారి ల్యాప్‌టాప్‌లోకి తొంగిచూశారు. ఎడమపక్క వరసలో ఒక్కటంటే ఒక్క సంభాషణ కనిపించింది. అది ఆఫీసు క్యాంటీను వాళ్ళతో, పెసరట్టులో అల్లం గురించి.

"నూట నలభై ఊళ్ళు మీ చేతిలో పెడితే, మీతో మాట్లాడేది ఈ పెసరట్టు ఒక్కటేనాండీ?" అన్నారట మంత్రిగారు, ఎంతో మృదువుగా.

ఆ మృదుత్వానికి మల్లికార్జునరావుగారు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

చప్పట్లయ్యాక కంప్యూటర్ల ఇంజనీరు హర్షిత్ లేచాడు. "సార్, సెట్టింగ్స్‌లో 'అన్నీ చూపించు' అని ఒకటుందండీ. అది నొక్కితే అన్నీ ఎప్పటికీ కనిపిస్తాయండీ."

"ఎంతసేపు పడుతుంది?"

"అర నిమిషం కూడా పట్టదండీ."

"అర నిమిషంలో అయిపోయేదాన్ని పథకం అంటారాండీ, హర్షిత్‌గారూ? కూర్చోండి."

హర్షిత్ కూర్చున్నాడు. పథకానికి 'నిత్యదర్శనం' అని పేరు పెట్టారు. నూట నలభై ఊళ్ళ సంభాషణల్లో ప్రతిదానికీ ప్రతి సోమవారం అధికారిగారి తరఫున ఒక మెసేజీ వెళ్ళాలి. ఏడు రోజుల మౌనం అన్నది చరిత్రలో లేకుండా పోవాలి.

సోమవారం పది గంటల అయిదు నిమిషాలకి కృపమ్మ ఫోను మోగింది. సాక్షాత్తూ ప్రత్యేకాధికారిగారే!

"శుభోదయం కృపమ్మగారూ. మీ సంభాషణ మాకెంతో విలువైనది."

కృపమ్మ ఫోను పట్టుకుని ట్యాంకు ఎదురింటి వీరదుర్గ దగ్గరికి పరుగెత్తింది. నీళ్ళ కోసం రోజూ పొద్దున్నే పక్కూరికి బిందె మోసే వీరదుర్గ, ఊరి తరఫున ఆవిణ్ణి నిలదీసే మనిషి.

"ఆఫీసరుగారు రాశారు!"

"మోటారెప్పుడంటండీ?"

"అది రాయలేదు."

"మరేం రాశారండీ?"

"శుభోదయమని."

వీరదుర్గ తలెత్తి తూర్పు వైపు చూసింది. "ఉదయం మాకూ కనిపిస్తానే ఉందండీ, సెక్రట్రీగారూ."

రెండో సోమవారం తామరపువ్వు బొమ్మ వచ్చింది. మూడో సోమవారం పొగలు కక్కే కాఫీ కప్పు. కృపమ్మ ప్రతిసారీ "ధన్యవాదాలు సార్. మోటారు సార్" అని రాసింది. అయిదో సోమవారం ఇక ఉండబట్టలేక పెదపాడు మీదుగా బస్సెక్కి ఏలూరు వెళ్ళింది.

ఆఫీసులో మునీరా అనే ఆపరేటరు రెండు చేతుల్తో టైపు చేస్తోంది. కుడి మణికట్టుకి కట్టు కట్టుకుని ఉంది.

"గోగులంకా? రండక్కా, కూర్చోండి. ఇంకా ముప్ఫై రెండు ఊళ్ళని పలకరించాలి."

"ఇవన్నీ నువ్వు పంపుతున్నావా తల్లీ?"

"ఆయన పంపుతున్నారండీ. నేను నొక్కుతున్నాను." మునీరా తెర ఇటు తిప్పింది. ఎడమపక్క వరసలో ఊళ్ళన్నీ బారుగా నిలబడి ఉన్నాయి. "చూడండి, మీది పైనుంచి మూడోది! ప్రతి వారం జవాబిస్తారు కదా, అందుకని పైనే ఉంటుంది."

"అయితే ఆయన చదివారా?"

"చూశారండీ. చదవడం రెండో దశలో ఉందండీ."

మల్లికార్జునరావుగారు కృపమ్మని చూసి లేచి నిలబడినంత పని చేశారు.

"కృపమ్మగారూ! మీ సంభాషణ ఎంత బాగా నిలబడిందండీ! రోజూ చూస్తుంటాను. మంచినీళ్ళు తాగారా?"

"లేదండీ. రెండు నెలలైందండీ. ఆ మోటారు కాగితం మీద మీరొక్క సంతకం..."

ఆయన ముఖం దిగులుగా అయిపోయింది. తలుపు వేసి రమ్మన్నారు.

"మీకు నిజం చెబుతానమ్మా. పక్క లంకకి కిందటి నెల మోటారిచ్చాను. ఏమైందో తెలుసా? నీళ్ళొచ్చాయి. నీళ్ళొచ్చిన మర్నాటి నుంచి వాళ్ళు నాతో మాట్లాడ్డం మానేశారు! మేం శుభోదయమంటే చదివి ఊరుకున్నారు. రెండో సోమవారం పోస్టుమార్టం చేస్తే ఆ సెక్రటరీ యాప్ తీసేశాడని తేలింది. నా వరసలో ఖాళీ! మంత్రిగారు అడిగితే నేనేం చెప్పుకోనండీ?"

"నేనలా చెయ్యనండీ. మోటారిచ్చినా రోజూ రాస్తానండీ."

"ఏమని రాస్తారు?"

"నీళ్ళొస్తున్నాయనండీ."

"రోజూ నీళ్ళొస్తున్నాయంటే అది సంభాషణెలా అవుతుందమ్మా? అది వార్త. మీకో సమస్యంటూ ఉంటేనే కదా, మనిద్దరికీ మాటలుంటాయి." ఆయన నిజంగానే రెండు చేతులూ జోడించారు. "మన బంధం తెంచమని నన్నడక్కండి."

కృపమ్మ బయటికి వచ్చేసరికి మునీరా టీ తెప్పించి ఉంచింది. కృపమ్మ అది తాగి బస్సుకి లేచింది.

నాలుగో నెలలో తాడేపల్లిగూడెంలో 'నిత్యదర్శనం' విజయోత్సవం జరిగింది. వేదిక మీద పెద్ద తెర కట్టి గోగులంక సంభాషణని ఆదర్శ సంభాషణగా చూపించారు. కృపమ్మకి శాలువా కప్పి, మైకు చేతికిచ్చారు. ఎదురుగా మంత్రిగారు. ఇంతకన్నా మంచి సమయం దొరకదని కృపమ్మ గొంతు సవరించుకుంది.

"మా ఊళ్ళో మోటారు కాలిపోయి నాలుగు నెలలైందండీ. తాగడానికి నీళ్ళు లేవండీ. ఒక్క సంతకం ఇప్పించండి."

మంత్రిగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"విన్నారా! ఎంత సూటిగా ఉందో! నాలుగు నెలలుగా ఒక్క అక్షరం కూడా మారలేదు." ఆయన మల్లికార్జునరావుగారి వైపు తిరిగారు. "ఈ సంభాషణ ఆ ఊరి ప్రజలకి కనిపిస్తోందా?"

"లేదండీ. నా ల్యాప్‌టాప్‌లోనే..."

"ప్రజల సంభాషణ ప్రజలకే కనిపించకపోతే ఎలాగండీ!"

పది రోజుల్లో గోగులంకలోకి లారీ దిగింది. మోటారొచ్చిందని ఎవరో అరిచారు. ఆడవాళ్ళు బిందెలతో వచ్చేశారు. లారీలోంచి ఎనిమిది మంది మోసుకుంటూ పెద్ద అద్దాల తెర దించారు. ఎండిపోయిన ట్యాంకు స్తంభాలకి దాన్ని బిగించి, మోటారు లైను నుంచే కరెంటిచ్చారు. మల్లికార్జునరావుగారు స్వయంగా వచ్చి మీట నొక్కారు.

"శుభోదయం కృపమ్మగారూ" అన్న అక్షరాలు, ఒక్కొక్కటీ మూరెడు ఎత్తున, చెరువు గట్ల దాకా వెలిగాయి.

అక్షరాలు స్పష్టంగా కనిపించేలా తెరని రోజూ ఫోటో తీసి పంపే బాధ్యత కృపమ్మకి అప్పగించారు. వారం తిరక్కుండానే చేపల లారీలు లేపిన దుమ్ముకి తెర మసకబారింది. కృపమ్మ విధి ప్రకారం రాసింది. "తెర మీద దుమ్ము పట్టిందండీ. అక్షరాలు కనపడ్డం లేదండీ."

నిమిషంలో జవాబొచ్చింది. ఆ నాలుగు నెలల్లో ఆయన సొంత వేళ్ళతో రాసిన మొదటి జవాబు అది. "తక్షణం కడిగించండి!"

కడిగించింది. ఉన్నది చెరువు నీళ్ళే కనుక వాటితోనే కడిగించింది. ఆరాక అద్దం నిండా తెల్లటి ఉప్పు మరకలు కట్టాయి. ఆ ఫోటో చూసి హర్షిత్‌ని పరుగున పంపించారు. అతను అద్దాన్ని గోకి చూసి రిపోర్టు రాశాడు: కొల్లేరు నీళ్ళు పనికిరావు, తాగే నీళ్ళతోనే కడగాలి.

మధ్యాహ్నానికల్లా ఏలూరు నుంచి ట్యాంకరొచ్చింది. దానితోపాటు ఆర్డరు. "సదరు సంభాషణ ఎల్లవేళలా కనిపిస్తూనే ఉండవలెను. అందుకుగాను తెర మీద దుమ్ము పట్టిన ప్రతి దినమున ఒక ట్యాంకరు మంచినీరు పంపవలెను." కింద మల్లికార్జునరావుగారి సంతకం, గుండ్రంగా, ముచ్చటగా ఉంది.

డ్రైవరు రెండు బకెట్లతో తెర కడిగాడు.

"మిగతా నీళ్ళేం చెయ్యమంటారండీ? ఆర్డర్లో లేదండీ."

"వెనక్కి తీసుకెళ్ళాలనీ లేదు కదండీ?" అంది కృపమ్మ.

ఆ సాయంత్రం గోగులంకలో ప్రతి ఇంటా అన్నం మంచినీళ్ళతో ఉడికింది.

మర్నాడు ట్యాంకరు రాలేదు. మూడో రోజూ రాలేదు. పైగా ముసురు పట్టి లారీలు ఆగిపోయాయి. తెర అద్దంలా తళతళలాడుతూ శుభోదయం చెబుతోంది. దాని కింద బిందెలు రోడ్డు మలుపు దాకా వరసకట్టి ఉన్నాయి. కృపమ్మ ఫోను చేతిలో పట్టుకుని నిలబడింది. ఉన్నది ఉన్నట్టు రాయడం తప్ప ఆవిడకి ఇంకోటి అలవాటు లేదు.

వీరదుర్గ దగ్గరికొచ్చింది. "సెక్రట్రీగారండీ, మీరొక్క క్షణం అటు తిరగండి."

కృపమ్మ అటు తిరిగి, చెరువులో వాలిన గూడబాతుల్ని ఒకటి నుంచి మూడు వందల దాకా లెక్కపెట్టింది. మళ్ళీ ఇటు తిరిగేసరికి వీరదుర్గ చీర కుచ్చిళ్ళకి చేతులు తుడుచుకుంటోంది. తెర మీద ఎక్కడా ఒక్క అక్షరం లేదు. అడుగు నుంచి పైదాకా కొల్లేటి బురద.

కృపమ్మ ఫోటో తీసి పంపింది.

నిమిషంలో జవాబొచ్చింది. బిందెలు ఒక అడుగు ముందుకి జరిగాయి.