ఎడమచూపు ఫోటోగ్రాఫరు

ఆ రోజు పొద్దున్న వేసుకున్న పథకంలో ఏ లోపమూ లేదు. తొమ్మిదింటికి పోస్టాఫీసుకి వెళ్లడం, ఆ రోజే పదవీ విరమణ చేస్తున్న పోస్టుమాస్టరు గారిని కుర్చీలో కూర్చోబెట్టి ఒక్క ఫోటో తీయడం, పదిన్నరకల్లా ఇంటికొచ్చి భార్య ఫోటో తీయడం. రెండు ఫోటోలు, రెండు కుర్చీలు. ఇరవై రెండేళ్ల అనుభవమున్న ఫోటోగ్రాఫరుకి ఇదొక పనా?

భార్య ఫోటో అడగడం ఇది తొమ్మిదో రోజు. ఆవిడ దర్జీల సంఘంలో కుట్టు నేర్పే టీచరు. ఈ ఏడాది ఉత్తమ టీచరుగా ఆవిడని ఎంపిక చేశారు. సంఘం వాళ్ల సంచికలో ఆవిడ ఫోటో వేస్తారు. ప్రెస్సుకి ఒంటిగంటలోపు అందాలి, అదే ఆఖరి గడువు. ఆవిడ తానే కుట్టుకున్న నీలం జాకెట్టు వేసుకుని, తల దువ్వుకుని, ఏడింటికే తయారై కూర్చుంది.

"ఏమండీ, వెళ్లేముందే ఒకటి తీసేయకూడదూ? రెండు నిమిషాల పని."

"రెండు నిమిషాల పనే కదా, వచ్చి తీస్తా. కంగారెందుకు?"

"ఫోటో కింద ఏం వెయ్యాలో అంతా రాసి ఇచ్చేశానండీ. ఫోటో ఒక్కటే వెళ్లాలి."

"వెళ్తుంది. నువ్వు మాత్రం ఇవాళ నాతో రాకు. ముఖం మీద వెలుగు పడాలని ఆ తెల్ల అట్ట పట్టుకుని పక్కన నిలబడితే ఆఫీసుల్లో బాగుండదు. లైట్లన్నీ మీ తమ్ముడు తెస్తున్నాడు."

ఆవిడ అట్టని మళ్లీ బీరువా పక్కన పెట్టేసింది. ఏమీ అనలేదు. అనాల్సింది. కానీ ఆ ఇంట్లో అనాల్సినవి అనడం ఆవిడకీ అలవాటు లేదు, వినడం ఆయనకీ అలవాటు లేదు.

ఇక్కడ ఆ తమ్ముడి గురించి కాస్త చెప్పుకోవాలి. ఇన్సూరెన్సు కంపెనీలో ఉద్యోగం, కెమెరాల మీద పిచ్చి. ఎంత మంచి ఫోటో చూపించినా బావమరిది నోట వచ్చేది ఒకటే మాట, "ఏ కెమెరాతో తీశావు బావా?" ఆ మాట వింటే ఫోటోగ్రాఫరుకి ఒళ్లు మండిపోయేది. "వంట బాగుంటే ఏ గిన్నెలో వండారని అడుగుతావురా?" అని ఎగిరేవాడు. అయినా బావమరిది మారలేదు. పదేళ్లుగా ఆ ఇంట్లో నలుగురు చేరితే చాలు, గొప్పతనం కెమెరాదా, మనిషిదా అన్న గొడవే.

ఫోటోగ్రాఫరుకి తన మీద అంత నమ్మకం ఊరికే రాలేదు. ఆయన తీసిన ఫోటోల్లో మనుషులు బిగుసుకుపోరు. సొంత మనిషిని చూసినట్టు, కెమెరాకి జానెడు ఎడంగా చూస్తూ హాయిగా ఉంటారు. స్టూడియో గోడ నిండా అవే కళ్లు, అన్నీ అదే పక్కకి. "అది నా ముద్ర" అని చెప్పుకునేవాడు. ఊళ్లోవాళ్లు ఆయన్ని ఎడమచూపు ఫోటోగ్రాఫరని పిలిచేవాళ్లు. ఆ పేరు విన్నప్పుడల్లా ఆయన కాలరు సర్దుకునేవాడు.

పోస్టాఫీసులో లైట్లకి కావలసిన ప్లగ్గు ఒక్కటే ఉంది. అందులో ముద్రలు వేసే యంత్రం ఉంది. బావమరిది దాని తీగ పీకి, గొడుగుల్లాంటి రెండు లైట్లు వెలిగించాడు. కౌంటరు ముందు వరస అక్కడే ఆగిపోయింది. "పది నిమిషాలండీ" అన్నాడు ఫోటోగ్రాఫరు వరసవైపు చూసి. వరస నమ్మింది, పాపం.

పోస్టుమాస్టరు గారి వెనక గోడ మీద ఇంతకుముందు పనిచేసిన పోస్టుమాస్టర్లందరి పటాలూ వరసగా ఉన్నాయి. చివర ఒక మేకు, దాని కింద ఖాళీ. అది ఈయన చోటు. ముప్ఫై నాలుగేళ్ల సర్వీసులో ఆయన నవ్వగా చూసినవాళ్లు లేరు. కుర్చీలో కూర్చుని కెమెరావైపు చూశారు, చిరునామా లేని పార్సెల్ని చూసినట్టు.

నలభై ఫోటోలు తీశాడు. నలభైలోనూ అదే పార్సెలు.

"కెమెరా పాతది బావా, అందుకే" అన్నాడు బావమరిది. "కాస్త జరుగు, నా కొత్తదాంతో తీసి చూపిస్తా."

"తియ్యి. నీ కెమెరా నేనూ పడతాను, నా పాతది నువ్వూ పట్టు. తేలిపోతుంది ఇవాళ."

కెమెరాలు మార్చుకున్నారు. ఇద్దరూ అటొకరూ ఇటొకరూ నిలబడి టకటకా నొక్కారు. పాతదాంట్లో పోస్టుమాస్టరు గారు కోపంగా ఉన్నారు. కొత్తదాంట్లో అంతే కోపంగా, కాకపోతే కనుబొమల్లో ఒక్కో వెంట్రుకా విడివిడిగా కనిపించేంత స్పష్టంగా ఉన్నారు.

"ఎడమచూపు బావా!" అన్నాడు బావమరిది ఉన్నట్టుండి. "నీ ముద్ర మర్చిపోయావు. సారు నేరుగా చూస్తున్నారు, అందుకే కుదరట్లేదు."

నిజమేననిపించింది. "సార్, కాస్త ఇటు, నాకు ఎడమవైపు చూడండి" అన్నాడు ఫోటోగ్రాఫరు.

అటువైపు పార్సెళ్ల గుమాస్తా ఉన్నాడు. "ఏమయ్యా! తాడు అలాగా కట్టేది? మధ్యలో ఊడితే ఎవరిది పూచీ?" అని పోస్టుమాస్టరు గారు అరిచారు. కెమెరా సరిగ్గా అప్పుడే నొక్కుకుంది. ఫోటోలో ముప్ఫై రెండు పళ్లూ లెక్కపెట్టుకోవచ్చు.

గుమాస్తాని లోపలికి పంపి, అక్కడ కోపం తెప్పించని వస్తువేదైనా ఉండాలని గోడ గడియారం దించి పెట్టారు. పోస్టుమాస్టరు గారు దానికేసి చూసి, "పదకొండుంబావా! టపా బస్తా ఇంకా కట్టలేదా?" అని లేచారు. లేవడంలో తీగ కాలికి చుట్టుకుంది. తీగతో పాటు లైటు వచ్చింది. లైటు వెళ్లి ఉత్తరాల అరల మీద పడింది. పొద్దుటినుంచి పదకొండు వీధులకి విడదీసి పెట్టిన ఉత్తరాలన్నీ ఒక్క కుప్ప అయ్యాయి.

వరసలో ఉన్నవాళ్లు మంచివాళ్లు. సాయానికి వచ్చారు. అదే తప్పయింది. కింద కూర్చుని ఏరుతూ ఏరుతూ, ఎవరి ఉత్తరం వాళ్లకి కనిపిస్తే జేబులో పెట్టుకోవడం మొదలుపెట్టారు.

"సంతకం! సంతకం పెట్టకుండా ఎవరూ తీసుకోకూడదు!" అని పోస్టుమాస్టరు గారు మోకాళ్ల మీద పాకుతూ మొత్తుకున్నారు.

"నా ఉత్తరానికి నేను సంతకమేంటండీ?" అంది ఒకావిడ.

"మీరు మీరేనని నాకెలా తెలుస్తుంది?"

"ఇరవై ఏళ్లనుంచి మీ పక్కింట్లో ఉంటున్నానండీ!"

అంతా సర్దుకునేసరికి పన్నెండుంబావు. మళ్లీ కుర్చీ, మళ్లీ ఫోటో. ఈసారి బావమరిది ఆఖరి ఉపాయం పన్నాడు. తనే వెళ్లి ఎడమపక్కన నిలబడి, ఎదుటివాళ్లు నవ్వితే సారు కూడా నవ్వుతారన్న ఆశతో, పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతూ ఉండిపోయాడు.

పోస్టుమాస్టరు గారు అతన్ని చాలాసేపు చూశారు. ఈసారి అరవలేదు. నెమ్మదిగా లేచారు. "చాలండీ. ముప్ఫై నాలుగేళ్లుగా నా వెనక నవ్వారు, ఆఖరి రోజున ముందుకొచ్చి నవ్వుతున్నారు. గోడ మీద నా చోటు ఖాళీగానే ఉంచండి."

పోస్టుమాస్టరు గారు కోటు సర్దుకుంటూ, "అసలు మీ ఆవిడ రాలేదేం?" అన్నారు.

"మా ఆవిడా?"

"మా అమ్మాయి ఫోటో మీ స్టూడియోలోనే కదా తీయించాం. అది కెమెరా అంటే ఏడ్చేది. మీ ఆవిడ పక్కన నిలబడి ఏవో కబుర్లు చెబితే అలా చూస్తూ ఉండిపోయింది. ఆవిడ వస్తారనే కదా నేను ఒప్పుకున్నాను!"

ఫోటోగ్రాఫరు కెమెరా బల్ల మీద పెట్టేశాడు. స్టూడియో గోడ కళ్లముందు కదిలింది. ఆ కళ్లన్నీ జానెడు ఎడంగా, ఒకే చోటికి చూస్తున్నాయి. ఆ చోట తెల్ల అట్ట పట్టుకుని ఎవరు నిలబడేవారో ఆయనకి తెలియక కాదు. ఎప్పుడూ అటు తిరిగి చూడలేదు, అంతే. ఇరవై రెండేళ్లుగా తన ముద్ర అనుకున్నది తనది కాదు.

ఫోన్ చేశాడు. "కాస్త రాగలవా?" అన్నాడు. ఆవిడ ఎందుకని అడగలేదు. పదకొండు నిమిషాల్లో అట్టతో సహా వచ్చేసింది.

రాగానే కెమెరాలవైపు చూడనైనా లేదు. సరాసరి పోస్టుమాస్టరు గారి దగ్గరికి వెళ్లి, "అయ్యో, రెండో బొత్తాం ఊడొస్తోంది బాబాయిగారూ, కూర్చోండి" అంది. సంచిలోంచి సూది దారం తీసి, ఆయన కోటు ఆయన ఒంటి మీదే ఉండగా బొత్తాం కుట్టడం మొదలుపెట్టింది. సూది గుండె దగ్గర ఉన్నప్పుడు ఎంతటి పోస్టుమాస్టరైనా కదలకుండా కూర్చుంటాడు. దారం కొరికి, అట్ట తీసుకుని, తన చోటికి వెళ్లి నిలబడి అడిగింది.

"రేపు పొద్దున్న ఎన్నింటికి లేస్తారు బాబాయిగారూ?"

పోస్టుమాస్టరు గారు జవాబు చెప్పబోయి ఆగారు. రేపు పొద్దున్న. బస్తాలు లేవు, ముద్రలు లేవు, గడియారం అక్కర్లేదు. ఆ సంగతి ఆయనకి అప్పుడే తట్టినట్టుంది. "తెలీదమ్మా" అన్నారు. అంటూ అంటూ ముఖం అంతా మెత్తబడి, నవ్వు వచ్చేసింది.

బావ పాతదాంతో, బావమరిది కొత్తదాంతో ఒకేసారి నొక్కారు. పక్కపక్కన పెట్టి చూశారు. ఏది ఏ కెమెరాదో ఇద్దరికీ తెలియలేదు. పదేళ్ల గొడవ అలా తీరిపోయింది, ఇద్దరూ ఓడిపోయి.

అప్పుడు కనిపించింది ఆయనకి ఆ నీలం జాకెట్టు. పొద్దున్న ఏడింటినుంచి దాన్ని నలగకుండా కాపాడుకుంటోంది ఆవిడ. బల్ల మీద గడియారం పన్నెండూ నలభై చూపిస్తోంది. ప్రెస్సు రెండు వీధుల అవతలే.

"కూర్చో, కూర్చో! ఇక్కడే తీసేస్తా!"

కొత్త కెమెరా బ్యాటరీ నాలుగువందల కోపాలు తీసి చచ్చిపోయింది. పాతదాంతో మొదలుపెట్టాడు. ఆవిడ కుర్చీలో కూర్చుని నేరుగా కెమెరాలోకి చూసింది, గుర్తింపు కార్డుకి చూసినట్టు. తీశాడు. మళ్లీ తీశాడు.

"కాస్త నవ్వవే."

"నవ్వుతూనే ఉన్నానండీ."

"మరి అందరినీ ఏదో అడుగుతావుగా, అలా..."

"నన్ను నేను అడుక్కోలేనుగా!" అంది ఆవిడ, నిష్ఠూరంగా కూడా కాదు.

ఆయన కెమెరా బావమరిది చేతికిచ్చి, తెల్ల అట్ట తీసుకుని ఎడమపక్కన నిలబడ్డాడు. ఆవిడ ఆశగా ఆయన వంక తిరిగింది. ఏదో ఒకటి అడగాలి. ఏమడగాలి? ఇన్నేళ్లలో ఆవిడని తను అడిగినవి గుర్తుచేసుకున్నాడు. కాఫీ ఉందా? అట్ట ఎక్కడ? ఎవరైనా ఫోన్ చేశారా? నా కళ్లజోడు చూశావా? ఆవిడ గురించి ఒక్కటీ లేదు. ఏ చుట్టమూ కాని పోస్టుమాస్టరు గారి రేపటి గురించి ఆవిడకి అడగాలనిపించింది. ఆవిడ రేపటి గురించి అడగాలంటే ఆయనకి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. అట్ట పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఆవిడ ఎదురుచూస్తూ కూర్చుంది.

ఒంటిగంట దాటగానే ఆవిడ ఫోన్ మోగింది. సంఘం కార్యదర్శి. "టైమైపోయిందమ్మా, పేజీలు మెషీను ఎక్కించేశారు. ఏం పర్లేదు, వచ్చే ఏడాది చూద్దాం."

"అలాగేనండీ" అంది ఆవిడ. ఫోన్ పెట్టేసి, ఆయన చేతిలోంచి అట్ట తీసుకుంది. "పదండి, అన్నం తిందురుగాని."

ఆ వారమంతా ఆయన పాత ఫోటోలన్నీ ముందేసుకుని కూర్చున్నాడు. ఇరవై రెండేళ్ల ఫోటోల్లో భార్య ఎక్కడైనా ఉందేమోనని వెతికాడు. ఒక్కచోట దొరికింది. ఎవరో పెద్దాయన కళ్లజోడు అద్దంలో, గోరంత, అట్ట పట్టుకుని ఏదో అడుగుతూ. ఏమడుగుతోందో తెలియలేదు. వెళ్లి అడుగుదామనుకున్నాడు. వంటింటి గుమ్మం దాకా వెళ్లి, ఎందుకో సిగ్గేసి, మంచినీళ్లు అడిగి వచ్చేశాడు.

పదిరోజుల తర్వాత సంచిక వచ్చింది. బావమరిదే తెచ్చి బల్ల మీద పెట్టి, పేజీ తిప్పాడు. ఉత్తమ కుట్టు టీచరు అని పైన పెద్ద అక్షరాలు. దాని కింద చుట్టూ నల్లగీతతో ఒక గడి, లోపల తెల్లకాగితం. గడి కింద, ఆవిడ ముందే రాసి ఇచ్చింది ఉన్నదున్నట్టు అచ్చయింది. "ఫోటో తీసినది: మా వారు."

బావమరిది ఆ పేజీ చాలాసేపు చూశాడు. ఏ కెమెరాతో తీశావని మాత్రం అడగలేదు.