పరామర్శ పరిచర్య, పదకొండో అధ్యాయం

మానవజాతి ఇంతవరకు కనిపెట్టినవాటన్నిటిలో గొప్పది శిక్షణ. పని చేసేవాడు ఎప్పుడో ఒకప్పుడు పొరపాటు చేయక తప్పదు. శిక్షణలో ఉన్నవాడికి ఆ ప్రమాదం లేదు. ఈ సత్యాన్ని బ్యాంకులు, ప్రభుత్వ శాఖలు ఏనాడో గ్రహించాయి. సంఘాలు కాస్త ఆలస్యంగా గ్రహించాయి గానీ, గ్రహించాక మళ్ళీ వెనక్కి తిరిగి చూడలేదు.

ఈ కథలోని క్రైస్తవ సంఘం కాపరిని అందరూ అయ్యగారు అనేవారు. ఒకప్పుడు అన్ని పనులూ ఆయనే చేసేవారు. ఆదివారం ప్రసంగించేది ఆయనే, అంతకుముందు కుర్చీలు వేసేది ఆయనే, మైకు గీపెడితే తీగ కదిపేది కూడా ఆయనే. ఎవరికైనా ఒంట్లో బాగాలేదని కబురొస్తే స్కూటరు తీసుకుని బయలుదేరేది సరేసరి. ఆయన భార్య బడిలో లెక్కల టీచరు. "అన్నీ మీరే చేస్తే మిగతావాళ్ళు చూసి పోవడానికి వస్తున్నారా?" అని ఆమె ఏళ్ళ తరబడి అడిగింది. ఇంట్లో మనిషి అడిగింది కాబట్టి ఆ ప్రశ్న ఆయన చెవికి ఎక్కలేదు. అదే ప్రశ్నను కాపరుల సదస్సులో ఒక పెద్దాయన టై కట్టుకుని అడిగేసరికి నేరుగా గుండెకు తగిలింది. కాపరి పని అన్నీ తానే చేయడం కాదు, సభ్యులను పరిచర్యకు, అంటే సేవకు, సిద్ధం చేయడం అన్నాడు పెద్దాయన. అయ్యగారు కళ్ళు తుడుచుకుని, ఇంటికొచ్చి, సిద్ధం చేయడం మొదలుపెట్టారు.

(ఎప్పుడు ఆపాలో ఆ సదస్సులో ఎవరూ చెప్పలేదు.)

కొన్నేళ్ళు తిరిగేసరికి సంఘానికి ఒక శిక్షణ విభాగం వచ్చింది. దానికి ఒక కన్వీనరు వచ్చాడు. బీమా ఆఫీసులో రిటైరైన మనిషి; కాగితం లేనిదే తుమ్మడు. గుమ్మం దగ్గర నిలబడి వందనాలు చెప్పడం ఆహ్వాన పరిచర్య అయింది, దానికి మూడు స్థాయిలు ఏర్పడ్డాయి. మొదటి స్థాయివారు చిరునవ్వు నవ్వవచ్చు, చెయ్యి కలపరాదు. రెండో స్థాయివారు చెయ్యి కలపవచ్చు, "బాగున్నారా" అని అడగరాదు. ఎందుకంటే అవతలివాళ్ళు బాగాలేమంటే ఏం చేయాలో మూడో స్థాయిలో గానీ చెప్పరు. కుర్చీల పరిచర్యకు ప్రాక్టికల్స్ ఉండేవి. ఎవరు ఎంతవరకు సిద్ధపడ్డారో చూపించడానికి ఫోన్లో 'సిద్ధం' అనే యాప్, మెడలో రంగురంగుల బ్యాడ్జీలు.

అన్నిటిలోకి ఘనమైనది పరామర్శ పరిచర్య. అంటే జబ్బుపడ్డవాళ్ళను వెళ్ళి చూడటం. దానికి పాఠ్యపుస్తకం అయ్యగారే స్వయంగా రాస్తున్నారు. పది అధ్యాయాలు పూర్తయ్యాయి. క్లాసులు రోజూ సాయంత్రం, సరిగ్గా ఆసుపత్రిలో రోగులను చూడనిచ్చే వేళకి. అందువల్ల ఆ ఏడాది ఎవరూ ఎవరినీ చూడటానికి వెళ్ళలేదు. జబ్బుపడ్డవాళ్ళు చాలామంది వాళ్ళంతట వాళ్ళే కోలుకున్నారు. వార్షిక నివేదికలో దీన్ని శిక్షణ సాధించిన ఫలితంగా చూపించారు.

ఈ కోర్సు తప్పినది మొత్తం సంఘంలో ఒక్క మనిషి. బస్సు కండక్టరుగా రిటైరైన పెద్దావిడ. మూడుసార్లు తప్పింది కాబట్టి అందరూ ఆమెను సప్లిమెంటరీ పిన్ని అనేవారు. అలా పిలిస్తే ఆమె పలికేది కూడా. ప్రాక్టికల్ పరీక్షలో కన్వీనరు బల్ల మీద పడుకుని, ఛాతీ మీద 'ఆయాసం' అని రాసిన కాగితం పెట్టుకుని రోగిగా ఉండేవాడు. మొదటిసారి పిన్ని అతన్ని చూస్తూనే, "లే నాయనా, ఒట్టి బల్ల మీద పడుకుంటే నడుం పట్టేస్తుంది" అని రెక్క పట్టి లేపి కూర్చోబెట్టింది. రోగిని కదిలించినందుకు సున్నా వేశారు. రెండోసారి, మౌనంగా వినాల్సిన చోట తన మోకాళ్ళ నొప్పి సంగతి మొదలుపెట్టింది. మూడోసారి నవ్వు ఆపుకోలేకపోయింది.

ఇలా సంఘం సకల సన్నద్ధంగా ఉన్న రోజుల్లో అయ్యగారి గొంతు బొంగురుపోయింది. కషాయాలు, ఆవిరి, లవంగం ముక్క, ఏదీ పనిచేయలేదు. డాక్టరమ్మ చూసి, గొంతులో చిన్న గడ్డ ఉంది, తీసేసి పరీక్షకు పంపాలి అంది. తీసేశాక గాయం మానేదాకా ఆసుపత్రిలోనే ఉండాలి, ఒక్క మాట కూడా మాట్లాడకూడదు, గుసగుస కూడా కుదరదు అంది.

"మరి ప్రార్థన?" అన్నారు అయ్యగారు.

"మనసులో చేసుకోండి. ఆయన వింటాడుగా" అంది డాక్టరమ్మ.

గడ్డ తీశారు. రిపోర్టు రావడానికి కొన్నాళ్ళు పడుతుందన్నారు. అయ్యగారు మనవరాలి తెల్లబోర్డు పక్కన పెట్టుకుని, కావలసింది దాని మీద రాస్తూ మంచం మీద పడుకున్నారు. గొంతు తప్ప ఆయనకు వేరే ఆస్తి లేదు. అది పోతే తానెవరో ఆయనకే తెలియదు. కళ్ళు మూసుకుంటే రిపోర్టు కనిపించేది, తెరిస్తే సీలింగు ఫ్యాను కనిపించేది. ఆయన రెండోదాన్నే ఎంచుకున్నారు.

కన్వీనరుకు మాత్రం ఇది దేవుడిచ్చిన అవకాశంలా తోచింది. అసలు సిసలైన రోగి, అదీ పుస్తకం రాసిన మనిషే. క్లాసులు రద్దు చేసి, యాప్‌లో వేళలు కేటాయించి, సంఘాన్ని ఆసుపత్రికి మళ్ళించాడు.

ముందుగా దర్జీ వచ్చాడు. మంచం పక్కన నిటారుగా కూర్చుని, "వందనాలు అయ్యగారూ. మీ బాధ ఏమిటో మీ మాటల్లోనే చెప్పండి" అన్నాడు.

అయ్యగారు గొంతుకున్న కట్టు చూపించి, బోర్డు మీద 'మాట్లాడకూడదు' అని రాశారు.

దర్జీ అది శ్రద్ధగా చదివాడు. "తొందరేం లేదండి. ఎప్పుడు చెప్పాలనిపిస్తే అప్పుడే చెప్పండి" అని చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. (రెండో అధ్యాయం: రోగి మౌనాన్ని గౌరవించవలెను. అతడు నోరు విప్పువరకు తరువాతి ప్రశ్నకు వెళ్ళరాదు.) ఆ వాక్యం రాసిన రోజు అయ్యగారు దాన్ని భార్యకు రెండుసార్లు చదివి వినిపించారు. ఇప్పుడు అది ఎదురుగా కుర్చీలో కూర్చుని కళ్ళార్పకుండా చూస్తోంది. నర్సు వచ్చి టైమైపోయిందని లేపేదాకా దర్జీ కదల్లేదు. వెళ్తూ, "రేపైనా చెప్పొచ్చు లెండి" అని ధైర్యం చెప్పాడు.

తరువాత మందుల షాపు అన్నదమ్ములు రావాలి. అన్న మాట్లాడాలి, తమ్ముడు తల ఊపాలి. అన్నకు జలుబు చేయడంతో తమ్ముడు ఒక్కడే వచ్చాడు. అతనికి మాట్లాడే అర్హత లేదు కాబట్టి కూర్చుని తల ఊపాడు. అయ్యగారు కూడా ఊపారు. ఇద్దరూ అలా కాసేపు ఊపుకున్నాక తమ్ముడు దండం పెట్టి వెళ్ళిపోయాడు. నిజం చెప్పాలంటే అప్పటిదాకా జరిగిన పరామర్శల్లో అయ్యగారి ప్రాణానికి హాయిగా ఉన్నది అదే.

ప్రతి పరామర్శ అయ్యాక, గది మూల నిలబడి చూస్తున్న కన్వీనరు ముందుకొచ్చి ఫోను చాపేవాడు. రోగి నక్షత్రాలు ఇవ్వాలి. తొలిరోజు అయ్యగారు నిజాయితీగా దర్జీకి మూడు నక్షత్రాలు ఇచ్చారు. నాలుగు లోపు వస్తే పరామర్శ మళ్ళీ చేయాలనే నిబంధన ఉండటంతో మర్నాడు దర్జీ మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. అప్పటినుంచి ఆయన గుమ్మంలో మనిషి కనబడగానే అయిదు నక్షత్రాలు నొక్కేసేవారు.

రిపోర్టు రావలసిన రోజు దగ్గర పడింది. ఆ సాయంత్రం బ్యాంకు మేనేజరు వచ్చి, ఆరో అధ్యాయం ప్రకారం, "మీ మనసులో ఏముందో దాచుకోకండి" అన్నాడు. ఆ మాట అడగమని ఊరంతటికీ నేర్పింది తానే అయినా, తనను అడిగేసరికి అయ్యగారి చెయ్యి దానంతట అదే బోర్డు అందుకుంది. 'భయంగా ఉంది' అని రాశారు.

మేనేజరు ముఖం మారిపోయింది. పుస్తకం తీసి విషయసూచిక వెతికాడు. "అయ్యగారూ, భయం పదకొండో అధ్యాయంలో ఉందండి. నేను పది దాకానే పాసయ్యాను. పదకొండు చదివినవాళ్ళని పంపిస్తాను."

కన్వీనరు మూలలోంచి దగ్గాడు. "పదకొండు ఇంకా ఎవరూ చదవలేదండి. అది అయ్యగారే రాయాలి." తరువాత మంచం వైపు వంగి, ఎంతో మర్యాదగా అడిగాడు. "సుమారుగా ఎప్పటికి పూర్తి కావొచ్చండీ?"

కిటికీ దగ్గర పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్న భార్య తలెత్తి భర్త వైపు చూసింది. అయ్యగారు గోడ వైపు తిరిగి పడుకున్నారు.

వాళ్ళిద్దరూ బయటికి వెళ్తుంటే గుమ్మంలో సప్లిమెంటరీ పిన్ని ఎదురైంది. కన్వీనరు చెయ్యి అడ్డం పెట్టాడు.

"పిన్నిగారూ, మీకు బ్యాడ్జీ లేదు. పరామర్శకి కుదరదండి."

"పరామర్శకి రాలేదు నాయనా. ఊరికే వచ్చాను."

కన్వీనరు యాప్ అంతా వెతికాడు. అందులో 'ఊరికే' లేదు. అంటే అనుమతి లేదు గానీ, నిషేధమూ లేదు. బీమా ఆఫీసులో ముప్పయ్యేళ్ళు పనిచేసిన మనిషికి కూడా ఏం చేయాలో తోచక పక్కకు తప్పుకున్నాడు.

పిన్ని లోపలికొచ్చి కుర్చీ లాక్కుంది. "ఈ కుర్చీ చేసినవాడు ఎప్పుడూ కూర్చోలేదు కాబోలు" అంది. బోర్డు మీద ఇంకా చెరపని మాట కనబడింది. చదివి, "ఉండదూ మరి?" అంది.

అంతే. సంచీలోంచి కమలాపండు తీసి ఒలవడం మొదలుపెట్టింది. అయ్యగారు మింగడానికి లేదని గుర్తొచ్చి, సగం ఆయన భార్యకిచ్చి సగం తనే తినేసింది. డిపోలో తాను కొత్తగా చేరిన రోజుల సంగతులు చెప్పింది. మొదటిరోజు రద్దీ బస్సులో చిల్లర సంచీ కింద పడేసుకుని ఏడ్చిందట. ప్రయాణికులంతా ఏరి ఇచ్చారట. లెక్క చూస్తే ఉండాల్సినదానికంటే ఎక్కువే వచ్చిందట. వింటూ వింటూ అయ్యగారికి ఎందుకో కన్నీళ్ళు వచ్చాయి. పిన్ని చూసింది, చూడనట్టు కిటికీ వైపు తిరిగి కథ సాగదీసింది. "నువ్వింటికెళ్ళి కాస్త నడుం వాల్చమ్మాయ్, నేనుంటాను" అని ఆయన భార్యను పంపించింది. చివర్లో లేచి, "ప్రభువా, ఈయన్ని చూసుకో. నాకు ఇంతకంటే రాదు" అంది. ఆ మాట అయ్యగారు వినలేదు. అప్పటికే నిద్రపోయారు, ఆసుపత్రికి వచ్చాక మొదటిసారి.

రిపోర్టు వచ్చింది. గడ్డ ప్రమాదం లేనిదే. భార్య ఆ కాగితం రెండుసార్లు చదివి, బాత్రూములోకి వెళ్ళి కుళాయి విప్పుకుని ఏడ్చి వచ్చింది.

గొంతు కుదుటపడ్డాక మొదటి ఆదివారం అయ్యగారు చిన్న ప్రసంగం చేశారు. "చాలామంది వచ్చారు, అందరికీ వందనాలు. కానీ నాకు నిద్ర పట్టించింది మాత్రం పిన్నిగారు" అన్నారు. సంఘమంతా కళ్ళు తుడుచుకుంది. కన్వీనరు తుడుచుకోలేదు, రాసుకుంటున్నాడు.

ఇంటికొచ్చాక భార్య అడిగింది. "ఇప్పటికైనా వాళ్ళ మానాన వాళ్ళని వెళ్ళనివ్వచ్చుగా?"

"వెళ్ళాలనే కదా నా తాపత్రయం" అన్నారు అయ్యగారు. "అందరూ ఆవిడలా వెళ్ళాలంటే, అదెలాగో మనం నేర్పొద్దూ?"

ఆయన మనసులో ఏ కల్మషమూ లేదు. కూర్చుని, కృతజ్ఞతతో, పదకొండో అధ్యాయం రాశారు. దాని పేరు 'ఊరికే'. రోగి తన భయం తెలిపిన వెంటనే పరామర్శకులు "ఉండదూ మరి?" అనవలెను, స్వరము చివర కొంచెము లేవవలెను. తరువాత కమలాపండు ఒలవవలెను. చక్కెర వ్యాధి గలవారు ఒలిచి పక్కవారికి ఇచ్చివేయవచ్చును. అనంతరం రోగికి సంబంధం లేని ఒక కథ (ముందుగా విభాగం ఆమోదం పొందినది) చెప్పవలెను. రోగి కంటతడి పెట్టినచో కిటికీ వైపు చూడవలెను. కిటికీ లేని గదులకు అనుబంధం చూడుడు.

పాఠం చెప్పమని పిన్నినే అడగాలనుకున్నారు. కానీ కోర్సు పాసుకానివారు బోధించరాదనే నియమం అడ్డొచ్చింది. పోనీ విద్యార్థినిగా చేరమన్నారు. "మీరు అడిగితే కాదంటానా అయ్యగారూ" అని ఆమె చేరింది. వెనక బెంచీలో కూర్చుని, తను చేసిందే నోట్సు రాసుకుంది.

పరీక్ష రోజు సంఘమంతా కమలాపండ్లతో హాజరైంది. కన్వీనరు బల్ల మీద పడుకుని, ఛాతీ మీద 'భయంగా ఉంది' కాగితం సర్దుకున్నాడు. పరీక్షాధికారి అయ్యగారు. పేర్లు పిలవబోతుంటే పిన్ని నుంచి ఫోను వచ్చింది. దర్జీకి ఉదయం గుండెల్లో నొప్పి వచ్చిందట, ఆసుపత్రిలో చేర్చారట, ఇంట్లోవాళ్ళు ఇంకా దారిలో ఉన్నారట, తాను అక్కడే ఉందట. రాలేనని చెప్పి పెట్టేసింది.

అయ్యగారు జేబులోంచి స్కూటరు తాళం తీశారు. ఆయనకు వెళ్ళాలనే ఉంది. కానీ పండ్లు పట్టుకుని అంతమంది వరసలో నిలబడ్డారు. పరీక్ష ఆగిపోతే మళ్ళీ తేదీ దొరకడం కష్టమని కన్వీనరు బల్ల మీంచే, పాత్రలోంచి బయటికి రాకుండా, నీరసంగా గుర్తుచేశాడు. అయ్యగారు తాళం మళ్ళీ జేబులో వేసుకుని మొదటి పేరు పిలిచారు.

సాయంత్రానికి ఫలితాలు వచ్చాయి. పరీక్ష వేళకు ఊరికే ఆసుపత్రికి వెళ్ళిన కారణంగా పిన్ని తప్పింది. పరీక్షకు హాజరైన మిగతావాళ్ళందరూ ఊరికే వెళ్ళడంలో ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణులయ్యారు.