ఎద్దు నంబరు నాలుగు

"మా కేంద్రం చుట్టూ పది కిలోమీటర్ల దాకా ఏ పశువుకూ లంపీ చర్మవ్యాధి లేదు, రాదు, రాబోదు!"

ఇలా రాసి, ఆకుపచ్చ సిరాతో సంతకం చేసి, ముద్ర కొట్టిన మహానుభావుడు మా డైరెక్టరు మురళీమోహన్ గారు. పటాన్‌చెరు ఫ్యాక్టరీల వెనకాల మాది పశువుల జబ్బుల పరిశోధన కేంద్రం. నేను అందులో రికార్డు గుమాస్తాను, పేరు త్రినాథరావు. బయట జబ్బు లేదని కాగితం ఉంటేనే లోపల జబ్బు తెప్పించడానికి అనుమతి ఇస్తారు. శాస్త్రమంటే అంత పద్ధతి మరి!

అనుమతి వచ్చింది. నాలుగు ఎద్దులకు వైరస్ ఎక్కించాం. గడ్డలు లేస్తే కొలిచి రాద్దామని కొలతబద్దలు పట్టుకుని కూర్చున్నాం. పద్నాలుగు రోజులైంది. ఎద్దులు దాణా మేసి నిగనిగలాడుతున్నాయి, ఒక్క గడ్డ లేదు! మర్నాడే ఢిల్లీ కమిటీ రాక. గడ్డ లేకపోతే ప్రాజెక్టు లేదు, ప్రాజెక్టు లేకపోతే డైరెక్టరు గారికి ఏసీ గది లేదు.

కమిటీ వచ్చే రోజు పొద్దున్నే, మా టీలకు పాలు పోసే సరస్వతి గేటు దగ్గర ఏడుస్తూ నిలబడింది. గోడ అవతలే ఆమె ఇల్లు.

"సారూ, నా ఆవుకు ఒళ్ళంత గడ్డలు లేసినయ్. మేత ముడ్తలేదు. జెర సూదెయ్యుండ్రి, మీ కాల్మొక్త! గదొక్కటే మా ఇంటికి అన్నం పెట్టేది."

"దోమకాట్లమ్మా అవి" అన్నారు డైరెక్టరు గారు, చూడకుండానే. "ఇక్కడ లంపీ లేదు. లేని జబ్బుకు మందెలా ఇస్తాం?"

అని లోపలికి వెళ్ళిపోయారు. రెండు నిమిషాల్లో పరుగెత్తుకుంటూ వచ్చారు.

"గడ్డలు ఎన్నన్నావమ్మా?"

అలా ఆవు కాస్తా ఎద్దు నంబరు నాలుగైంది. అసలు నాలుగో ఎద్దును గోదాములో దాచాం. ఆవుకు చెవిలో బిళ్ళ, కింద రబ్బరు చాప, పైన ఫ్యాను, చుట్టూ దోమతెర. సూది మాత్రం కమిటీ వెళ్ళాకే! "ఇప్పుడే మందేస్తే గడ్డలు తగ్గిపోవూ?" అన్నారాయన. ఆవు మూలుగుతోంది. నాకు చెప్పలేనంత సిగ్గేసింది. అయినా రిజిస్టరులో గుండ్రటి అక్షరాలతో "ఎద్దు" అనే రాశాను. ఉద్యోగం కదా!

కమిటీ వచ్చింది. ముగ్గురూ ఆవు వీపు మీద గడ్డలు కొలిచారు. నలభై ఏడు! "అద్భుతం!" అన్నారు. ఒక్కరూ కిందికి వంగి చూడలేదు. మిగతా మూడింటికీ ముందే మా టీకా వేశామని, అందుకే గడ్డలు రాలేదని డైరెక్టరు గారు అక్కడికక్కడే ఇంకో విజయం ప్రకటించారు. కమిటీ పెద్ద ఇంద్రజ మేడం అభినందిస్తూ చెయ్యి చాపారు. సరిగ్గా అప్పుడే సరస్వతి గిన్నె పట్టుకుని లోపలికొచ్చింది.

"పాలు పిండే యాళ్ళయింది సారూ. పిండకుంటే పొదుగు వాస్తది."

మేడం చెయ్యి గాల్లోనే ఆగింది. "ఎద్దుకా?"

"ఎద్దేంది మేడం! ఇది నా ఆవు. పొద్దుగాలనే గోడ అవతలికెంచి తోలుకొచ్చిన. సార్ సూదేస్తనన్నడు, ఇంగా ఎయ్యలే. మా వాడకట్ల ఇంకో ఆరింటికి గూడ గిట్లనే ఉన్నది."

మేడం ఫైలులోంచి పది కిలోమీటర్ల కాగితం తీశారు. "డైరెక్టరు గారూ, ఈ కాగితమన్నా అబద్ధమై ఉండాలి, మీ వైరస్సన్నా గోడ దూకి ఉండాలి. ఏదో ఒకటి రాసివ్వండి."

డైరెక్టరు గారు నన్ను పక్కకు లాగారు. "కాగితం అబద్ధమైతే సంతకం నాదయ్యా! వైరస్ దూకితే తప్పు ఈగలది" అని గొణిగి, చకచకా రాసిచ్చేశారు: 'మా వైరస్ ఈగల ద్వారా గోడ దూకింది. బాధిత ఆవును చికిత్స కోసమే లోపలికి తెచ్చాం.'

తప్పు మాదైంది కాబట్టి మందూ మాదే. సాయంత్రానికల్లా వాడకట్టులో జబ్బు పశువులకు సూదులు, పుండ్లకు పూత, మిగతా వాటికి టీకాలు! వారం తిరిగేసరికి సరస్వతి ఆవు మేత ముట్టింది. నిజం చెప్పొద్దూ, నాకు చాలా సంతోషమేసింది.

ఆ రోజు పాలు పోస్తూ సరస్వతి డైరెక్టరు గారితో మెల్లగా అంది.

"సారూ, పోతిరెడ్డిపల్లిల మా చెల్లె ఆవుకు గూడ గడ్డలు లేసినయ్. మీ వైరస్ ఆడిదాంక దుంకిందని జెర రాయరాదుండ్రి!"

ఆయన మండిపడతారనుకున్నాను. ఆయన పెన్ను మూత తీసి నా వైపు తిరిగారు.

"ఇక్కడికి ఆ ఊరెన్ని కిలోమీటర్లయ్యా?"