డెబ్బై డిగ్రీల మోకాలు, కొండలెక్కే బండి

మీ ఇంట్లో ఎవరికైనా నడవడం కష్టమైందా? అయితే ఆలస్యం చేయకండి. వెంటనే షోరూముకి వెళ్లి, అక్కడున్నవాటిలోకెల్లా ఎత్తైన బండి కొనండి. కొండలెక్కేది, వాగులు దాటేది, రోడ్డంటేనే చిన్నచూపు చూసేది!

ఈ మాట నేను పుస్తకాల్లో చదివి చెప్పడం లేదు. అనుభవం మీద చెబుతున్నాను. మా ఇంట్లో ఆ నడవలేని మనిషిని నేనే.

ఏడు నెలల క్రితం అటక మీద డబ్బాలు దులుపుదామని స్టూలు ఎక్కాను. ఎక్కడం నేనే ఎక్కాను, దిగడం మాత్రం నా ప్రమేయం లేకుండా జరిగిపోయింది. కుడి మోకాటి చిప్ప రెండు ముక్కలైంది. డాక్టరుగారు తీగతో బిగించి కట్టారు. చిప్ప అతుక్కుంది గానీ మోకాలు వంగనని భీష్మించుకుంది. ఫిజియోథెరపీ అమ్మాయి వారం వారం ప్లాస్టిక్ కోణమానిని పెట్టి కొలుస్తుంది. "డెబ్బై డిగ్రీలు ఆంటీ! బాగానే ఉంది!" అంటుంది.

బాగానే ఉంది. మామూలుగా కుర్చీలో కూర్చోవాలంటే తొంభై కావాలి. ఆ తగ్గిన ఇరవై డిగ్రీల్లోనే నా సంసారమంతా ఇరుక్కుంది.

మా అక్క కొండ మీద ఉంటుంది. ఆవిడకు ఐదు ఆవులు. రెండు పూటలా పాలు పిండాలి కనుక కొండ దిగి వచ్చే వీల్లేదు. అక్కడ ఫోను సిగ్నల్ కూడా ఉండదు. అందుకని నెలకు రెండుసార్లు నేనే బస్సు దిగి, నాలుగు కిలోమీటర్ల మట్టి దారి నడిచి, వాగు దాటి వెళ్లేదాన్ని. మోకాలు విరిగాక అది ఆగిపోయింది. పోనీ మా పాత కారులో వెళ్దామా అంటే, అందులో కూర్చోవడమంటే నూతిలోకి దిగడమే. దిగాక తోడుకోవడానికి చేద కావాలి.

"నాకొకసారి అక్క దగ్గరికి వెళ్లాలనుంది" అన్నాను ఒకరోజు. నేనన్నది అంతే.

ఇంట్లో కమిటీ పడింది. అందులో సభ్యులు ఇద్దరు. ఒకరు మా ఆయన. రెండోవాడు మా తమ్ముడు. వాడు ఉద్యోగరీత్యా ఆఫీసులో ఫైళ్లకు నంబర్లు వేస్తాడు గానీ, బురదలో కూరుకుపోయిన బండ్ల వీడియోలు ఫోనులో చూసి చూసి పెద్ద నిపుణుడయ్యాడు. నిజజీవితంలో వాడి చెప్పులకు బురద అంటగా నేను చూడలేదు.

నా వంతు సాయంగా ఫిజియోథెరపీ అమ్మాయిని అడిగి, ఒక చీటీ రాసి మా ఆయన చేతికిచ్చాను. అందులో నాలుగే ముక్కలు. కుడి కాలు. డెబ్బై డిగ్రీలు. సీటు ఎత్తు ఇరవై నాలుగు అంగుళాలు, అంటే నా తొడ మధ్యకు రావాలి. వెనక్కి తిరిగి ఆనుకుని కూర్చున్నాక, కాలు చాపుకునే చోటుండాలి.

మా ఆయన చీటీని భద్రంగా జేబులో పెట్టుకున్నారు. ఆయన ఏ కాగితమైనా భద్రంగానే పెడతారు. చదవడమే తక్కువ.

షోరూములో నాకు చాలా మర్యాద జరిగింది. మెత్తటి సోఫాలో కూర్చోబెట్టారు. అది ఎంత మెత్తనిదంటే, మూడు గంటలపాటు నేను లేవలేకపోయాను. కమిటీ మాత్రం నా తరఫున ఎంతో శ్రమపడింది. బండి కింద దూరి చూసింది. బానెట్ ఎత్తి చూసింది. షోరూము వెనక కృత్రిమంగా తవ్విన గోతిలో దింపి, ఎక్కించి, మళ్లీ దింపింది.

"ముందు కోణం ముప్పై ఆరు డిగ్రీలు బావా! వెనక కోణం ముప్పై ఒకటి!" అని మా తమ్ముడు బ్రోషర్ పట్టుకుని పరవశించిపోయాడు. అంత నిటారు గట్టు ఎక్కినా దిగినా బండి మూతీ తోకా నేలకు తగలవట. నాకు ముచ్చటేసింది. ఆ బండికి ఏ వైపు ఎన్ని డిగ్రీలో మా ఇంట్లో ఇద్దరికి కంఠతా వచ్చు. ఎంత అదృష్టవంతురాలు!

చివర్లో సేల్స్‌మన్ నా దగ్గరికొచ్చి వంగి అడిగాడు. "మేడమ్, మీకు ఏ రంగు ఇష్టం?"

"సీటు ఎత్తెంత బాబూ?"

"మీరా సందేహమే పెట్టుకోవద్దు మేడమ్! ఇంత ఎత్తు ఇంకెవరూ ఇవ్వరు!"

పైగా మా తమ్ముడు పట్టుబట్టి ఇంకా పెద్ద టైర్లు వేయించాడు. బండి ఇంటికొచ్చాక టేపు పెట్టి చూశాను. సీటు ముప్పై ఏడు అంగుళాల ఎత్తున ఉంది. పక్కన నిలబడితే అది నా తొడ మధ్యకు కాదు, నడుం దగ్గరికి వచ్చింది.

ఇక ఈ బండి వల్ల కలిగిన లాభాలు చెబుతాను, వినండి.

మొదటిది వ్యాయామం. నాకు కాదు, ఇంట్లో వాళ్లకు. నన్ను ఎక్కించడానికి తమ్ముడు కింద నుంచి ఎత్తాడు, మా ఆయన లోపల నుంచి లాగారు. "కాస్త ఎడమకు వంచరా! అంచు తగులుతోంది!" "బావా, మీరు పైది పట్టుకోండి, కిందది నేను చూసుకుంటాను!" ఇవి బీరువాను మేడ ఎక్కించేటప్పుడు వినబడే మాటలు. నా జన్మలో నా గురించి వింటాననుకోలేదు. సగం ఎక్కాక మోకాలు తలుపుకు అడ్డం పడింది. డెబ్బై దాటి వంగనంది. ఎక్కిన సగాన్ని మళ్లీ దింపారు. ఎదురింటావిడ గేటు పట్టుకుని మొత్తం చూసి, "కొత్త బండా వదినా? చాలా బాగుంది" అంది.

"పక్కన ఒక మెట్టు పెట్టిస్తే?" అన్నాను.

మా తమ్ముడు నన్ను జాలిగా చూశాడు. "మెట్టు పెడితే గ్రౌండ్ క్లియరెన్స్ పోతుంది చిన్నక్కా!"

నిజమే కదా! నేను ఎక్కినా ఎక్కకపోయినా, బండికి నేలకు మధ్య ఉండాల్సిన దూరం ఉండాలి.

"పోనీ, మన గేటు ముందు జానెడు ఎత్తు సిమెంటు గట్టుంది కదా? బండిని దానికి ఆనించి ఆపితే, నేను గట్టు మీద నిలబడతాను" అన్నాను. ఈసారి మా ఆయన అడ్డం పడ్డారు. గట్టు రాసుకుంటే టైరు పక్కన గీతలు పడతాయట! బండరాళ్ల మీద నడవడానికి పుట్టిన బండి అది. మా గట్టంటే దానికి భయం. అందుకే రోజూ గట్టుకు మూరెడు దూరంలో, పసిపాపను పడుకోబెట్టినట్టు ఆపుతారు.

రెండో లాభం, మగవాళ్లలో బాధ్యత పెరగడం. "నిన్ను తీసుకెళ్లేముందు దారెలా ఉందో చూసి రావాలి కదా" అని, మొదటి ఆదివారం బావా బావమరుదులిద్దరూ కొండెక్కి మా అక్కను చూసి వచ్చారు. దారి బాగుందట. వాన పడితే ఎలా ఉంటుందో తెలియాలని రెండో ఆదివారం వెళ్లారు. అప్పుడూ బాగుందట. ఎండితే ఎలా ఉంటుందోనని మూడో ఆదివారం వెళ్లారు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. వీళ్లు కాలితో తొక్కలేదు కనుక ఆ సామెత వీళ్లకు వర్తించదు. కడగడం మాత్రం జరిగింది. ప్రతి ఆదివారం సాయంత్రం రెండు గంటలపాటు బండిని కడిగారు, షాంపూ పెట్టి. ఇరవై రెండేళ్ల కాపురంలో మా ఇంట్లో ఒక్క గిన్నెకూ ఆ భాగ్యం దక్కలేదు.

నాకోసం ఫోటోలు తెచ్చారు. మొత్తం నలభై ఆరు. నలభై ఐదింట్లో బండి ఒక్కటే ఉంది. ఒక్కదాంట్లో మా అక్క కూడా ఉంది. చేతిలో పాల తపేలా, ఎండకు చికిలించిన కళ్లు. చిక్కిపోయినట్టుంది. ఆ ఫోటోను చాలాసేపు చూశాను.

"టైరు ఎంత ఎత్తుందో తెలియాలంటే పక్కన మనిషి ఉండాలి కదా, అందుకని పెద్దక్కను నిలబెట్టాను" అని తమ్ముడు వివరించాడు.

"అక్క నా గురించి ఏమైనా అడిగిందా?"

"అడిగింది. 'చిన్నక్క బాగానే ఉంది, ఈ బండి చిన్నక్క కోసమే కొన్నాం' అని చెప్పాను. ఎంత సంతోషించిందో!"

నాలుగో ఆదివారం పొద్దున్నే మళ్లీ బయల్దేరారు. ఈసారి వాగులో నీళ్లు ఎంత లోతున్నాయో చూడాలట. టైర్లలో గాలి ఎంతుండాలో రాసుకోవడానికి మా ఆయన జేబులోంచి ఒక చీటీ తీశారు. నా అక్షరాలు గుర్తుపట్టాను. వెనక వైపు ఖాళీగా ఉంది కదా, అక్కడ రాసుకుని డ్యాష్‌బోర్డు మీద అంటించారు. కాగితం వృథా చేయని మనిషి.

వాళ్లు వెళ్లిన కాసేపటికి గేటు దగ్గర పాలవ్యాను హారన్ మోగింది. అది రోజూ పొద్దున్నే కొండ మీద పాలు ఎత్తుకుని కిందకొస్తుంది, క్యాన్లు ఖాళీ చేసుకుని పైకి వెళ్తుంది. డ్రైవరు నడివయసు మనిషి. అప్పుడప్పుడు మా అక్క పంపే నిమ్మకాయల సంచి ఇచ్చి వెళ్తుంటాడు. వాకరు తోసుకుంటూ గేటు దాకా వెళ్లాను. సంచి ఇచ్చాడు గానీ కదల్లేదు.

"అమ్మా, పెద్దమ్మగారు మిమ్మల్ని ఒక మాట అడిగి రమ్మన్నారు. ఏమీ అనుకోరు కదా?"

"చెప్పు నాయనా."

"'దాని కాలు బాగైంది. బండి కూడా వచ్చింది. ఇంట్లో అందరూ వస్తున్నారు, అదొక్కతే రావడం లేదు. నా మీద కోపమా?' అని అడగమన్నారమ్మా. అడిగేటప్పుడు కళ్లనీళ్లు పెట్టుకున్నారు."

బ్రోషర్‌లో ముప్పై రెండు పేజీలున్నాయి. దీనికి జవాబు ఏ పేజీలోనూ లేదు.

"కోపం కాదు, కాలు" అన్నాను.

అతను నా వాకరును చూశాడు. నన్ను చూశాడు. తర్వాత అడిగాడు. "ఏ కాలమ్మా?"

పాఠకులారా, ఈ ఏడు నెలల్లో నన్ను చాలామంది చాలా అడిగారు. ఎలా పడ్డావన్నారు, ఎందుకు ఎక్కావన్నారు, ఏ రంగు ఇష్టమన్నారు. ఏ కాలని అడిగిన మొదటి మనిషి ఇతనే!

"కుడిది. సగమే వంగుతుంది."

"అయితే గేరు పక్కన చాపుకోవచ్చు" అంటూ ముందు సీటు దగ్గరున్న ఖాళీ క్రేటు తీసి వెనక పడేశాడు. వ్యాన్ని ముందుకూ వెనక్కీ నడిపి, చక్రం గట్టుకు గర్రున రాసుకునేలా ఆనించి ఆపాడు. గట్టు మీద నిలబడి చూస్తే సీటు సరిగ్గా నా తొడ మధ్యకు ఉంది, కొలతలిచ్చి కుట్టించినట్టు. సీటు మీద ఒక పాలిథిన్ సంచి పరిచాడు. "వెనక్కి తిరిగి కూర్చోండమ్మా. కూర్చుని జరిగితే జారుతుంది."

జారింది. అర నిమిషంలో లోపల ఉన్నాను. ఎవరూ ఎత్తలేదు, ఎవరూ లాగలేదు.

"ఇదెక్కడ నేర్చుకున్నావు నాయనా?"

"ఇందులో నేర్చుకోవడానికేముందమ్మా? రోజుకు నలభై నిండు క్యాన్లు ఎక్కిస్తాను. ఎత్తితే నడుం విరుగుతుంది. అందుకే బరువును బండి దగ్గరికి ఎత్తకూడదు, బండినే బరువు దగ్గరికి తెచ్చుకోవాలి."

నన్ను బరువన్నందుకు నాకేమీ కోపం రాలేదు. ఇంటికి తాళం వేసి, తాళంచెవి ఎదురింటావిడకు ఇచ్చి రమ్మన్నాను. ఇచ్చి వచ్చి, నా వాకరును వెనక క్యాన్ల పక్కన పెట్టాడు. బయల్దేరాం.

వాగు దగ్గర మా బండి కనబడింది. నీళ్ల మధ్యలో నిలబడి ఉంది. తమ్ముడు స్టీరింగ్ దగ్గర, మా ఆయన ప్యాంటు మోకాళ్ల పైకి మడిచి ఫోను పట్టుకుని నీళ్లలో. "ఇంకోసారి రారా! నీళ్లు సరిగ్గా చిమ్మలేదు!" అంటున్నారు. పాలవ్యాను ఒకసారి హారన్ కొట్టి, పక్కనుంచి దిగి, గడగడా అవతలికి ఎక్కింది. నీళ్లు బాగానే చిమ్మాయి. మా ఆయన తల నుంచి కారుతున్నాయి.

నేను కిటికీలోంచి చెయ్యూపాను. "దారి బాగుందాండీ?"

ఆయన ఫోనులోంచి నీళ్లు విదిలించుకున్నారు.

అక్క ఇంటి ముందు పాల క్యాన్లు పెట్టే అరుగుంది. వ్యాను దానికి ఆనుకుని ఆగింది. ఎంత సులువుగా ఎక్కానో అంత సులువుగా దిగాను. అక్క పశువుల పాకలోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. నన్ను చూసింది, వాకరును చూసింది.

"ఇదేమిటే? బాగైపోయిందన్నారు కదే?"

"డెబ్బై డిగ్రీలు బాగైంది."

అక్క నన్ను పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాననుకుంటాను. వ్యాసానికి అది అనవసరం.

కాసేపటికి మా బండి వచ్చి ఆగింది. అరుగుకు మూరెడు దూరంలోనే. తమ్ముడు పొడిగా, మా ఆయన నీళ్లోడుతూ దిగారు.

"ఏరా! చిన్నక్క బాగానే ఉందన్నావు! ఇదేనా బాగుండడం?" అని అక్క తమ్ముడి మీద లేచింది. వాడు పాలవ్యాను కిందకు వంగాడు, దాని గ్రౌండ్ క్లియరెన్స్ ఎంతో చూడటానికి.

మా ఆయన మాత్రం బండి దగ్గరే ఉండిపోయారు. మా బండి తలుపు తీసి, సీటు వైపు చూశారు. సీటు నుంచి నేల దాకా చూశారు. తర్వాత వచ్చి నా ముందు నిలబడి, రెండు మోకాళ్లనూ మార్చి మార్చి చూశారు. ఏడు నెలల తర్వాత, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు మెల్లగా అడిగారు.

"ఇంతకీ... నీది ఏ కాలు?"

ఆవులు నెమరేయడం ఆపాయి.

"డ్యాష్‌బోర్డు మీద టైర్ల గాలి చీటీ ఉంది కదండీ" అన్నాను. "దాన్ని తిప్పి చూడండి."